చూడకుండా రాసిన జవాబు

కుక్కరు రెండో కూత వేసేసరికి అలివేలు పదిహేడో పేపరు దిద్దుతోంది. పొయ్యి పక్కన గట్టు మీద బియ్యం డబ్బాకి ఆనించి పెట్టుకుంది కట్టని. ఎడం చేత్తో పోపు తిప్పుతూ కుడిచేత్తో ఎర్రపెన్ను ఆడించడం ఆమెకి పన్నెండేళ్ల నాటి విద్య. ఆ కట్ట ఆమెది కాదు, భర్త వీరభద్రానిది. కన్నడ రాజధానిలో, కాటన్‌పేట వెనక సందులో ఒక ట్రస్టు వాళ్లు నడిపే తెలుగు మీడియం బళ్లో ఆయన తెలుగు పండితుడు, తొమ్మిదికీ పదికీ చెబుతాడు. ఆమె ఆరుకీ ఏడుకీ చెప్పే టెంపరరీ టీచరు. దసరా సెలవుల ముందు అర్ధసంవత్సర పరీక్షలొచ్చాయంటే ఆయన కట్టలూ ఆమె కట్టలూ అన్నీ ఈ గట్టు మీదికే చేరతాయి. దిద్దేది ఆమె, సంతకం ఆయనది. "నీ చెయ్యి చకచకా నడుస్తుంది అలివేలూ. నేనైతే ఒక్కో పేపరు దగ్గరా అరగంట ఆలోచిస్తూ కూర్చుంటాను," అంటాడు. ఆలోచించేవాడు గొప్పా, ఆయనకి అరగంటలు మిగిల్చి పెట్టేది గొప్పా అని అడిగే తీరిక ఆమెకెప్పుడు చిక్కింది గనక.

ఆ పేపర్లో పదో ప్రశ్న ఏటా ఒకటే. ‘కింది చిత్రాన్ని వర్ణించి, విశ్లేషించండి. పది మార్కులు.’ చిత్రం కూడా ఏటా ఒకటే. రవివర్మ గీసిన పేరుమోసిన బొమ్మ, ‘అదిగో నాన్న’. బిడ్డనెత్తుకున్న ఒకావిడ పక్కకి చూస్తూ నిలబడి ఉంటుంది. ప్రశ్నపత్రంలో అచ్చయ్యేసరికి ఆవిడ మొహం ఉండాల్సిన చోట నల్లటి మచ్చ మిగులుతుంది. అయినా ఎవరికీ ఇబ్బంది లేదు, జవాబు వీరభద్రం పేరుతో అచ్చయిన గైడులో ఉంది: ‘భర్త రాకను గమనించిన ఆ తల్లి ముఖమున ఆనందము తాండవించుచున్నది.’ పదహారు మంది పిల్లలు పదహారు పేపర్లలో ఆనందం చేత తాండవం ఆడించారు. పదిహేడో పేపర్లో మాత్రం ఇలా ఉంది: ‘ఆమె నవ్వడం లేదు. వచ్చే ఆయన మొహం ఎట్ల ఉందో చూసుకొని, అప్పుడు తన మొహం పెట్టుకుందామని నిలబడి ఉంది.’

మూడో కూత వచ్చింది. అలివేలు పొయ్యి కట్టేసి, గైడు జవాబే దిద్దడానికి కీ, ఆ కీలో లేదు గనక సున్నా చుట్టి, పద్దెనిమిదో పేపరు తీసుకుంది.

రెండ్రోజుల తర్వాత పేపర్లు పిల్లల చేతికిచ్చారు. ఆ మధ్యాహ్నం ఆమె క్యారియర్ విప్పుకుంటుంటే బేబీ వచ్చి ఎదురుగా నిలబడింది. రెండేళ్ల కింద ఆమె దగ్గర ఏడో తరగతి చదివిన పిల్ల. అమ్మ హనుమక్కా, నాన్న తిరుపాలూ అనంతపురం పక్కనుంచి వచ్చి ఇక్కడ కట్టుబడి పనుల్లో ఉన్నారు.

"మిస్, దీనికి సున్నా ఎందుకు పెట్టినారు?"

"మీ సార్‌ని అడగాలి కదమ్మా, ఆయన దిద్దిన పేపరు."

"సార్ సున్నా ఇంత గుండ్రంగా ఉండదు మిస్. సార్‌ది చేత్తో నొక్కినట్టుంటాది. ఇది మీ సున్నా."

అలివేలు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పన్నెండేళ్లుగా స్టాఫ్‌రూములో ఒక్కరూ కనిపెట్టలేదు ఈ సంగతి. "గైడులో ఆనందం అని ఉంది కదే," అంది, తన గొంతు తనకే నచ్చకపోయినా.

"గైడులో ఉండాది. బొమ్మలో ల్యా. ‘ముందు ఏముందో చూడండి, ఏమనుకోవాలో తర్వాత’ అని ఏడో క్లాసులో మీరే కదా చెప్పినారు." బేబీ పేపరు మడత పెట్టుకుంది. "నాకు ఇరవై ఎనిమిది వచ్చినాయి. ముప్పై అయిదుకి పాసు. తెలుగు కూడా తప్పితే పండగ అయినాంక సర్జాపుర అపార్ట్‌మెంట్ల పనికి పిల్చుకోని పోతానంటాడు మా నాయన."

"ఆ మచ్చలో నీకు మొహం ఎక్కడ కనిపించింది?"

"మచ్చలో కాదు మిస్. సుంకమ్మవ్వ అంగట్లో ఉండాది, కలరుది. దినామూ చూస్తా నేను. మీరు చూడల్యా?"

చూడలేదు. అదే కదా అసలు సంగతి. గైడు మొదటి అచ్చు వేసిన ఏడు కూతురు శిరీష ఆరునెలల పిల్ల, చంక దిగేది కాదు. వీరభద్రం వ్యాకరణం రాసుకుంటూ "ఆ బొమ్మ ప్రశ్నకి జవాబు నువ్వు గిలికెయ్యి అలివేలూ," అన్నాడు. బొమ్మేదీ అంటే ప్రెస్సులో ఉందన్నాడు. చూడకుండా ఎలా రాయనూ అంటే నవ్వాడు. "అందులో చూడ్డానికేముంది? మొగుడొస్తున్నాడు, పెళ్లాం చూస్తోంది. మొహం ఎలా ఉంటుందో నీకు తెలియదా ఏమిటి?" ఎద్దు ఈనిందంటే దూడని గాట కట్టెయ్యమన్నట్టు, ఆమె పిల్లని చంకన వేసుకునే కాగితం మీద ఆనందం రాసి ఇచ్చేసింది. ఆ జవాబుతో మొదలై పాఠాల సారాంశాలూ, లేఖలూ, వ్యాసాలూ ఒక్కొక్కటే ఆమె గట్టు మీదికొచ్చాయి. ఇప్పటికి వ్యాకరణం తప్ప పుస్తకమంతా ఆమె రాసిందే. అట్ట మీద పేరు మాత్రం ఒక్కటే. "మావాడు పుస్తకాలు రాస్తాడు, కోడలు వాటికి అట్టలు వేసుకుంటుంది," అని అత్తగారు చుట్టాలకి ముచ్చటగా చెప్పేది. వీరభద్రం చెడ్డవాడేం కాదు. "నువ్వు లేకపోతే నాకు అక్షరం నడవదు," అని ఎన్నోసార్లు అన్నాడు. ఆ మాట వంటింట్లోనే అన్నాడు. స్టాఫ్‌రూములో ఎప్పుడూ అనలేదు.

బడి వదిలాక బేబీ ముందు నడిచింది, అలివేలు వెనక నడిచింది. సుంకమ్మ ఊదొత్తుల అంగట్లో, పసుపు డబ్బాల పైన, పొగచూరిన గాజు వెనక ఉంది ఆ బొమ్మ. ముసలమ్మ కొంగుతో గాజు తుడిచింది. "ఈయమ్మా? మా మామ కాలం నుంచీ నిలబడే ఉండాది పాపం. కూకోమనేటోళ్లే లేరు."

అలివేలు చూసింది. నవ్వు లేదు. ఏడుపూ లేదు. కోపమో భయమో అని పేరు పెట్టడానికీ లేదు. చూస్తూ చూస్తూ ఉంటే సాయంత్రం ఆరున్నరకి తమ సందు మొదట్లో వినిపించే స్కూటరు చప్పుడు చెవిలో మోగింది. ఆ చప్పుడుకి తను తలుపు దగ్గరికి వస్తుంది. హెల్మెట్ తీసేటప్పుడు ఆయన నుదురు ముడిపడి ఉందా లేదా అని చూస్తుంది. ముడి లేకపోతే శిరీష మార్కుల సంగతి చెబుతుంది, ఉంటే కాఫీ ఇచ్చి ఊరుకుంటుంది. ఆయన ఏనాడూ చెయ్యెత్తింది లేదు, గట్టిగా అరిచిందీ లేదు. అయినా పదమూడేళ్లుగా తన మొహాన్ని ఆయన మొహం చూశాకే పెట్టుకుంటోంది. పద్నాలుగేళ్ల పిల్ల దాన్ని ఊదొత్తుల అంగట్లో నిలబడి కనిపెట్టింది. తను దానికి సున్నా వేసింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి ఆమెకి. ఆ వెంటనే, తన దగ్గర చదివిన పిల్లకి చూపు వచ్చిందన్న సంబరం కూడా తన్నుకొచ్చింది. బేబీ తల మీద చెయ్యి వేసింది.

"అవ్వా, దీన్ని ఒక్క దినం ఇస్తావా?" అంది అలివేలు.

"తీసుకపో తల్లీ. సుమ్నె, ఊరికే గోడకుండాది."

మర్నాడు శుక్రవారం. గైడు కొత్త అచ్చు ప్రూఫులకని వీరభద్రం ప్రెస్సుకెళ్లాడు, ఎప్పట్లాగే ఆయన పీరియడు ఆమెకి తగిలింది. పాత చీరలో చుట్టి తెచ్చిన పటాన్ని తొమ్మిదో తరగతిలో కుర్చీ మీద నిలబెట్టింది.

"పుస్తకాలు ముయ్యండి. మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు, చూడండి అంతే."

తొమ్మిదో తరగతిలో మూడు నిమిషాల నిశ్శబ్దమంటే మాటలు కాదు. మొదటి నిమిషం దగ్గులూ, కాలి తన్నులూ. రెండో నిమిషానికి వెనక బెంచీలవాళ్లు లేచి ముందుకొచ్చారు. మూడో నిమిషంలో ఒక్కరూ కదల్లేదు.

"ఏముందో చెప్పండి. ఎందుకుందో తర్వాత."

"బిడ్డ ఉండాడు." "బట్ట ల్యా, నగలుండాయి." "కుక్క." "అందరూ ఒకే పక్కకి చూస్తున్నారు మిస్, కుక్క కూడా."

"మరి నాన్న?"

మళ్లీ వెతికారు. "నాన్న లేడు మిస్," అన్నాడు స్టాన్లీ, ఎవరో తనని మోసం చేసినట్టు. "పేరు మాత్రం ఆయనదే పెట్టినారు."

అలివేలుకి నవ్వాగలేదు. "బొమ్మలో లేనాయన కోసం బొమ్మలో ఉన్నవాళ్లందరూ మెడలు తిప్పారన్నమాట. సరే, ఇది వర్ణన. ఇప్పుడు విశ్లేషణ. ఆనందం ఎక్కడుందో వచ్చి వేలు పెట్టి చూపించండి."

ఒక్కొక్కరే వచ్చారు. పెదవుల దాకా వేలు తెచ్చి, ఆగి, వెనక్కి తీసుకున్నారు. శ్రీజ మాత్రం వెనక్కి తగ్గలేదు. "ఆనందమే మిస్. సంతోషమొచ్చినప్పుడల్లా మనుషులు పళ్లు బయట పెడతారా ఏంది? బిడ్డకి చూపిస్తా ఉంది కదా, అదే సంతోషం."

"మంచిది. ఆధారం చూపించావు, నీ జవాబు నిలబడుతుంది."

"నాకైతే చెయ్యి నొప్పి అనిపిస్తా ఉంది," అన్నాడు స్టాన్లీ. "ఎంతసేపట్నుంచి ఎత్తుకోనుందో."

"అదీ నిలబడుతుంది. బేబీ, నీది?"

బేబీ లేచి తన వాక్యమే మళ్లీ చెప్పింది. క్లాసంతా పటం వైపు తిరిగింది.

"ఆధారం?"

"కండ్లు ఆడికి పోయినాయి మిస్. నోరు ఇంకా ఏమీ అనుకోల్యా."

ఈ ఉద్యోగంలో అలివేలుకి ఇలాంటి రోజు ఇదే మొదటిది. ఆ ముప్పై రెండు మందినీ ఇళ్లకి పంపించబుద్ధి కాలేదు ఆమెకి.

సాయంత్రం వీరభద్రం నుదుట ముడి లేదు, ప్రూఫులు బాగా వచ్చాయిట. కాఫీ ఇచ్చి అంతా చెప్పింది, బేబీకి పది మార్కులు వెయ్యాలని కూడా. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"తెలివైన పిల్లే, కాదన్ను. కానీ కీ అంటే కీ అలివేలూ. అది మార్చామంటే గైడులో తప్పుందని ఒప్పుకున్నట్టేగా?"

"తప్పే కదండీ."

"తప్పంటే ఎవరు రాశారని అడుగుతారు. నా పేరు మీద ఉన్న పుస్తకం." కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "పిల్లకి వచ్చే పరీక్షలో చూసుకుందాంలే. నువ్వు ఊరికే మనసు పాడుచేసుకోకు." ఆ మాట ఎంతో ప్రేమగా అన్నాడు. ఆమెకి కోపం రాకపోవడమే ఆశ్చర్యం. వచ్చే పరీక్ష నాటికి బేబీ సర్జాపురలో ఇటుకలు మోస్తుంటుంది, అదొక్కటే మనసులో తిరిగింది. మర్నాడు పొద్దున బేబీ పేపరు అడిగి తీసుకుని సున్నా కొట్టేసి పది వేసింది. మొత్తం ముప్పై ఎనిమిది. పక్కన ఆయన సంతకం పెట్టే చోట తన పొడి అక్షరాలు పెట్టి, పేపరుని మార్కుల లిస్టుకి జత చేసింది.

శనివారం మార్కుల లిస్టు హెడ్మాస్టరు లక్ష్మీనారాయణ గారి చేతికెళ్లింది. ఆయన కాటన్‌పేటలో మూడు తరాల నుంచి ఉన్న కుటుంబం వాడు, లెక్కలో ఒక్క మార్కు తేడా వచ్చినా నిద్రపోడు. ఇంటర్వెల్‌లో పేపరు పట్టుకుని స్టాఫ్‌రూముకే వచ్చాడు. తొమ్మిది మంది టీచర్లు టీ తాగుతున్నారు.

"వీరభద్రం గారూ, ఏమప్పా ఇది? మీ కీలో ఒకటుండాది, ఈ పాప ఇంకొకటి రాసింది. పది వేసినారు. పక్కన సంతకమూ మీది కాదు."

వీరభద్రం పేపరు అందుకున్నాడు. చూశాడు. ఆయన చెవి తమ్మెలు ఎర్రబడడం అలివేలు ఇవతలి బల్ల దగ్గర్నుంచే చూసింది. ఆయన ఏదో ఒకటి చెప్పి సర్దేస్తాడు, పొరపాటున పడిందంటాడు, మళ్లీ సున్నా చుడతాడు. అలా జరగడానికి ఆమె ఏమీ చెయ్యక్కర్లేదు, టీ తాగుతూ కూర్చుంటే చాలు. వీరభద్రం జేబులోంచి పెన్ను తీశాడు. అలివేలు గ్లాసు బల్ల మీద పెట్టి లేచింది.

"అక్కడ దిద్దొద్దండీ," అంది భర్తతో, మెల్లగా. తర్వాత హెడ్మాస్టరు వైపు తిరిగింది. "ఆ కీ రాసింది నేను సార్. బొమ్మ చూడకుండా రాశాను. ఈసారి చూసి దిద్దాను."