దీపానికి అడ్డుపెట్టిన గాజుబిళ్ల

మా ల్యాబు చీకటిగదిలో పనిచేసేది ఇద్దరమే, నేనూ అక్కా. సొంత అక్క కాదు, పని నేర్పిన అక్క. మాటకు ముందు "మొద్దూ" అంటుంది. ఇంకెవరైనా అలా అంటే ఊరుకునేదాన్ని కాదు.

అక్క తయారుచేసిన రంగు జీవకణం పొరలో దూరి, మైక్రోస్కోపు దీపం వేస్తే పచ్చగా మెరుస్తుంది. ఇలాంటి రంగులు వెలుగు తగిలితే కాసేపటికే వెలిసిపోతాయి. అక్క తన రంగు అణువుకు ఫ్లోరిన్ తగిలించింది. అంతే, వెలిసిపోవడం మానేసింది! ఇవాళ కమిటీవాళ్లు చూసి సరేనంటే అక్క ఉద్యోగం నిలుస్తుంది. లేదంటే ఈ నెలతో సరి.

పొద్దున దీపం తుడుద్దామని మూత తీస్తే లోపల బూడిదరంగు గాజుబిళ్ల ఉంది. దీపం సరిచేసేటప్పుడు కళ్లు దెబ్బతినకుండా అడ్డుపెట్టి, పనవగానే తీసేయాల్సిన బిళ్ల. అక్క మరచిపోయింది. కెమెరా మసకను సర్ది చూపిస్తుంది గనక మాకు తెలియలేదు. ఇన్నాళ్లూ రంగు మీద పడింది ముసురుపట్టిన రోజు వెలుతురే. వెలిసిపోకుండా కాపాడింది ఫ్లోరిన్ కాదేమో!

అక్కను పిలిచి, బిళ్ల తీసి చూపించాను. పచ్చదనం చూస్తుండగానే ఆరిపోయింది. వెలుగు తగిలిన రంగు విషమై కణాల పొరలకు చిల్లులు పడ్డాయి.

"బిళ్ల మళ్లీ పెట్టేయ్," అంది.

"అక్కా!"

"ఈ ఒక్క పూటకే. తర్వాత నిదానంగా సరిచేస్తా. నీకు దణ్ణం పెడతానే."

"ఈ రంగును ఆపరేషన్లలో మనుషుల నరాల మీద వేస్తారక్కా. పెద్ద లైట్ల కింద."

"నాకు తెలీదా మొద్దూ? నీకు నేర్పిందెవరు?"

ఏడుపూ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. ఇంతలో తలుపు చప్పుడైంది. నేను బిళ్లను కోటు జేబులో వేసుకుని మూత బిగించాను. తలుపు వైపు తిరిగిన అక్క మూత చప్పుడు విని, బిళ్ల పెట్టేశాననుకుని ఊపిరి పీల్చుకుంది.

కమిటీవాళ్లకు కొత్త నమూనా పెట్టి, హుషారుగా వివరించి, దీపం వేసింది. పచ్చవెలుగు కళ్లు చెదిరేలా లేచింది. ఆ జోరు చూడగానే బిళ్ల లేదని అక్కకు అర్థమైపోయింది. కావాలంటే ఆర్పేయొచ్చు, ఆర్పలేదు. తెర వైపు కాకుండా నా వైపే చూస్తూ నిలబడింది. తెర మీద పచ్చదనం ఆరిపోయింది.

"ఇదేనా వెలిసిపోని రంగు?" అన్నాడు కమిటీ పెద్ద.

"కాదండీ. నేనే పొరబడ్డాను," అంది అక్క.

వాళ్లు వెళ్లాక చెయ్యి చాచింది. జేబులోంచి బిళ్ల తీసిచ్చాను. దాన్ని శుభ్రంగా తుడిచి డబ్బాలో పెట్టింది.

"ఇకనుంచి లైటు నువ్వే సరిచేసుకోవాలి. బిళ్ల తీయడం మర్చిపోకు," అంది.

మొద్దూ అని మాత్రం అనలేదు.