ఎవరూ కూర్చోని స్టూళ్ళు

"నిలబడి తింటే ఒంటికి పట్టదమ్మాయ్" అంది అత్తగారు కుర్చీలో కూర్చుని. అంటూనే ఇంకాస్త టీ అడిగింది. కోడలు తన చేతిలోని రొట్టెముక్క నోట్లో కుక్కుకుని టీ తెచ్చి పోసింది. పోసి మళ్ళీ స్టవ్ దగ్గరికే వెళ్ళి నిలబడింది. ఆ ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ నాలుగు కుర్చీలున్నాయి. ఒకటి అత్తగారిది, ఒకటి భర్తది, ఒకటి కూతురిది. నాలుగోది పేరుకి ఆమెదే. దానిమీద ఎప్పుడు చూసినా ఉతికి ఆరేసి తెచ్చిన బట్టలు గుట్టగా పడి ఉంటాయి. అవి మడత పెట్టేస్తే కుర్చీ ఖాళీ అయిపోతుంది, నిజమే. మడత పెట్టేలోపే ఇంకో బకెట్టు బట్టలు ఆరి వచ్చి దానిమీద కూర్చుంటాయి. ఈ కొంపలో తీరుబడిగా కూర్చునే భాగ్యం ఆ బట్టలకే ఉందని ఆమె ఎన్నిసార్లు అనుకుందో. పైకి అంటే మాత్రం, మడత పెట్టుకోవడానికి నీకెవరు అడ్డమని భర్త తేలిగ్గా తేల్చేస్తాడు.

భర్త బస్టాండులో టికెట్లిచ్చే కౌంటర్లో పనిచేస్తాడు. కూర్చుని చేసే ఉద్యోగం. ఆ కూర్చోవడం కూడా చెక్క కుర్చీలో అయితే నడుం పట్టేస్తోందని వాళ్ళ యూనియన్ ఆ మధ్య పోరాడి మెత్తటి కుర్చీలు సాధించింది. ఆ రోజు ఆయన ఇంటికి మిఠాయి తెచ్చాడు. వీపు ఆనించుకోవడానికి ఒక చిన్న దిండు కూడా ఆమె చేత కుట్టించుకున్నాడు. అలాంటి మనిషి, తను పనిచేసే బట్టల షాపులో ఆడవాళ్ళకి స్టూళ్ళు కావాలని ఆమె తన యూనియన్లో పట్టుబడుతోందని తెలిసినప్పుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "స్టూళ్ళ కోసం యూనియనేంటే? జీతం అడగండి, బోనస్ అడగండి. కూర్చోవడానికి స్టూలిమ్మంటే నలుగురూ నవ్విపోతారు." పక్కనుంచి అత్తగారు అందుకుని, కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయని సామెత చెప్పింది. ఆ సామెత ఎవర్ని చూసి పుట్టిందో గానీ, ఆ ఇంట్లో అది ఎప్పుడూ నిలబడి ఉన్న మనిషికే తగులుతుంది. అప్పట్నుంచీ ఇంట్లో ఆమె పేరు లీడరమ్మ అయిపోయింది. లీడరమ్మా, చొక్కా ఇస్త్రీ అయిందా. లీడరమ్మా, మంచినీళ్ళు. ఉద్యమం ఎంత పెద్దదైనా మంచినీళ్ళు మాత్రం లీడరమ్మే తేవాలి.

షాపంటే మూడంతస్తుల బట్టల షోరూము. షట్టరు లేచిన దగ్గర్నుంచి దించేదాకా కౌంటరు వెనక నిలబడాలి. కస్టమరున్నా లేకపోయినా నిలబడాలి. గోడకి ఆనుకోకూడదు, అర మీద మోచెయ్యి ఆనించకూడదు. కుర్చీలన్నీ కౌంటరుకి అవతలివైపు, కొనేవాళ్ళకి. అమ్మే పిల్ల కూర్చుని కనిపిస్తే షాపు డల్లుగా ఉందనుకుంటారని ఫ్లోర్ మేనేజరు సిద్ధాంతం. ఆయనకి డేగ అని పేరు పెట్టింది ఆమే. మధ్యాహ్నం దాటేసరికి పాదాలు చెప్పుల్లో పట్టవు. మోకాళ్ళ వెనక నరాలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. ఆ షాపులో పనిచేసే ఆడవాళ్ళు కూర్చోగలిగిన చోటు ఒక్కటే, బాత్రూము. అక్కడ కూడా కాస్త ఎక్కువసేపు ఉంటే డేగ తలుపు దగ్గరికొచ్చి దగ్గుతాడు. పోయినేడు దుప్పట్ల కౌంటర్లో పెద్దావిడ నిలబడ్డచోటే కళ్ళు తిరిగి గాజుబల్ల మీద పడిపోయింది. గాజు ఎలా పగిలిందో సంజాయిషీ రాసిమ్మని ఆవిణ్ణే అడిగారు. ఆ మాట విన్న రోజే ఆమె వెళ్ళి యూనియన్లో చేరింది.

యూనియన్ వాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? గేటు మీటింగులో ఆమె గొంతెత్తితే చప్పట్లు మోగిపోతాయి, ఆడవాళ్ళ సత్తా చూడండని సెక్రటరీగారు మురిసిపోతారు. ఆఫీసులో మీటింగు పెడితే ఉన్న కుర్చీల్లో గోడౌన్ వాళ్ళూ డెలివరీ వాళ్ళూ సర్దుకుంటారు, ఆడవాళ్ళు గోడవారన వరసగా నిలబడతారు. ఒకసారి ఎవరో, నిలబడ్డం మీకు అలవాటేగా అక్కా అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. స్టూళ్ళ డిమాండు గురించి చర్చించిన మీటింగది. ఆ రోజు ఎందుకు నవ్వానా అని తర్వాత తనని తాను తిట్టుకోని రోజు లేదు.

చివరికి ఒప్పందం కుదిరింది. అడిగిన జీతం దగ్గర సగానికే రాజీపడి వచ్చిన సెక్రటరీగారు, స్టూళ్ళు మాత్రం సాధించామని ఉపన్యాసమిచ్చారు. కౌంటరుకొక స్టూలు, కస్టమర్లు లేనప్పుడు కూర్చోవచ్చు. దానికీ యజమాని ఒక మెలిక పెట్టాడు. నెల రోజులు చూద్దాం, అవసరమని తేలితే ఉంచుతాం, లేకపోతే తీసేసి ఆ జాగాలో బొమ్మలు పెట్టుకుంటామన్నాడు. బట్టలు తొడిగి నిలబెట్టే బొమ్మలు. వాటికి కాళ్ళు లాగవు, యూనియన్ అంతకన్నా లేదు.

స్టూళ్ళు వచ్చాయి. ఎవరూ కూర్చోలేదు. మొదటిరోజు సిగ్గనుకుంది. వారం గడిచాక భయమనుకుంది. డేగ ఒక్క మాట కూడా అనలేదు, స్టూలు వైపు చూసి చిన్నగా నవ్వి వెళ్ళిపోయేవాడు. ఆ నవ్వే చాలు. కొందరు స్టూళ్ళ మీద మడతపెట్టిన చొక్కాలు పేర్చారు. కొందరు తమ సంచులు పెట్టుకున్నారు. పై అరలో సరుకు అందుకోవడానికి ఇంకొందరు వాటిమీద ఎక్కారు. ఇన్ని మీటింగులు పెట్టి, ఇన్ని మాటలు పడి కూర్చోవడానికని సాధించుకున్న స్టూలు మీద మా వాళ్ళు ఎక్కి నిలబడుతున్నారు, ఈ ముచ్చట ఎవరితో చెప్పుకోను అని ఆమె పళ్ళు కొరుక్కుంది. నెల చివరికొచ్చింది. మర్నాడే యజమాని వచ్చి చూసి తేల్చేస్తాడు.

ఆ మధ్యాహ్నం గోడౌన్లో బట్టల మూటల మధ్య అన్నం డబ్బాలు విప్పినప్పుడు ఆమె అందర్నీ దులిపేసింది. అడుక్కుని తెచ్చుకున్నది కాదు, కొట్లాడి తెచ్చుకున్నది, ఇప్పుడు మీరే వద్దని మొహాన కొడుతున్నారంది. ఎవరి కారణం వాళ్ళు చెప్పారు. కూర్చుంటే నిద్రొచ్చేస్తుందని ఒకావిడ అంది. పక్క కౌంటరు వాళ్ళు కూర్చుంటే తానూ కూర్చుంటానని ఇంకొకావిడ. గాజుబల్ల మీద పడిపోయిన పెద్దావిడ మాత్రం డబ్బా మూత పెట్టుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "నిలబడి ఉన్నంతసేపూ కాళ్ళు మొద్దుబారి ఉంటాయమ్మా. కూర్చున్నాకే నొప్పి తెలుస్తుంది. తెలిశాక మళ్ళీ లేవలేను. ఎందుకొచ్చిన గొడవని కూర్చోను."

ఆమె తన కోపం తీసుకెళ్ళి కళ్ళద్దాలు పెట్టుకున్న పిల్ల మీద చూపించింది. పిల్లల బట్టల కౌంటర్లో చేస్తుంది, కడుపుతో ఉంది, ఆరో నెల. ఈ స్టూళ్ళు అందరికన్నా ముందు ఎవరికోసం అడిగామో తెలుసా, నీలాంటి దాని కోసం, నువ్వు కూడా బొమ్మలా నిలబడితే నేనెవరికి చెప్పుకోవాలంది. ఆ పిల్ల తల వంచుకుంది. అంతా లేచి వెళ్ళాక వెనకే వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నేను కూర్చుంటే, ఇది ఇంక పనికిరాదు, ఇంటికి పంపేద్దాం అంటారక్కా. అందుకే మిమ్మల్ని చూస్తూ ఉన్నాను. మీరు కూర్చుంటే నేనూ కూర్చుందామని." తప్పు మాట అంటున్నదానిలా గొంతు తగ్గించి అంది. "ఈ నెలలో మీరు ఒక్కసారీ కూర్చోలేదు."

అబద్ధం, అనబోయింది. నెలంతా వెనక్కి తిప్పి చూసుకుంటే నిజంగానే తను కూర్చున్న క్షణం ఒక్కటీ గుర్తుకు రాలేదు. తనది చొక్కాల కౌంటరు, రద్దీ కౌంటరు, తీరికెక్కడిదని సర్దిచెప్పుకుంది. తీరిక లేకేం, ఉంది. మధ్యాహ్నాలు ఈగలు తోలుకుంటూ నిలబడ్డ గంటలు ఎన్ని లేవు? అప్పుడు ఆమె చొక్కాలు మళ్ళీ మళ్ళీ మడత పెట్టింది. పెట్టిన మడతే విప్పి పెట్టింది. కాళ్ళు లాగుతుంటే ఒక కాలి బరువు ఇంకో కాలి మీదకి మార్చుకుంది. స్టూలు మోకాలికి తగులుతూనే ఉంది. తను లీడరు గనక కూర్చుంటే, చూశారా, తన సుఖం కోసమే అడిగింది అంటారని మనసులో ఒక మూల ఉండేది. ఆ మాట ఎవరూ అనలేదు. ఎవరూ అనకముందే విని లేచి నిలబడ్డం తనకి ఎప్పటినుంచో బాగా వచ్చిన విద్య.

సాయంత్రం ఇంట్లో పొయ్యి మీద కూర ఉడుకుతుండగా సెక్రటరీగారి ఫోనొచ్చింది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, గరిటె తిప్పుతూనే విన్నది. ఆయన అన్నీ ఆలోచించి పెట్టారు. "పొద్దున్నే షాపు తెరవగానే అందర్నీ అయిదు నిమిషాలు కూర్చోబెట్టు తల్లీ, ఫొటోలు తీసుకుంటాం. పెద్దాయన లోపలికి రాగానే మాత్రం లేవమను. ఆయన నిలబడి మనం కూర్చుంటే బాగుండదు." అంత తంతు ఎందుకండీ అని ఆమె అడిగితే ఆయన నిట్టూర్చారు. "సాధించి చేతిలో పెట్టినా మీ ఆడవాళ్ళకి వాడుకోవడం రాకపోతే నేనేం చేసేదమ్మా?"

మధ్యాహ్నం గోడౌన్లో తను అన్న మాటే ఇంచుమించుగా అది. అదే మాట ఆయన నోట వింటే ఒళ్ళు మండిపోయింది. వాడుకోవడం రాదట. అత్తగారి ముందు, భర్త ముందు, డేగ ముందు, చివరికి యూనియన్ ఆఫీసులో గోడవారన నిలబడ్డం నేర్పించిన వాళ్ళెవరూ లెక్కలోకి రారు, కూర్చోవడం రాకపోవడం మాత్రం ఆడవాళ్ళ తప్పు. ఫోను పెట్టేశాక భర్త టీవీ మీంచి చూపు తిప్పకుండానే, స్టూళ్ళు పీకేస్తున్నారా, నే ముందే చెప్పాను కదా అన్నాడు. ఆమె కూర దించి, అందరికీ వడ్డించి, ఆ తర్వాత స్టవ్ పక్కన నిలబడి తిన్నది. తిన్నదే గానీ ఏం తిన్నదో తెలియలేదు.

మర్నాడు షట్టరు లేచింది. కస్టమర్లింకా రాలేదు. సెక్రటరీగారు ఫొటోలు తీసే ఆయన్ని వెంటేసుకుని ముందే వచ్చారు, చేత్తో సైగలు చేసి అందర్నీ కూర్చోబెట్టారు. ఆమె స్టూలు మీది చొక్కాలు తీసి బల్ల మీద పెట్టి కూర్చుంది. కూర్చోగానే పెద్దావిడ చెప్పింది ఎంత నిజమో తెలిసింది. పాదాల్లోంచి, పిక్కల్లోంచి, నడుంలోంచి నొప్పి ఒక్కసారిగా పైకి తన్నింది. ఇన్నేళ్ళూ ఇదంతా ఎక్కడ దాక్కుందో. ఆమెకి ఏడుపొచ్చినంత పనయింది. ఫొటోలు అయిపోయాయి. గుమ్మంలో కారు ఆగింది. డేగ పరుగున ఎదురెళ్ళాడు. సెక్రటరీగారు అరచెయ్యి పైకెత్తి ఊపారు. మూడు వరసల్లోనూ స్టూళ్ళు నేలకి రాసుకున్న చప్పుడు, అందరూ లేచారు. కళ్ళద్దాల పిల్ల కూడా కౌంటరు పట్టుకుని బరువుగా లేచింది.

ఆమె మోకాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. రెండు చేతులతో అదిమి పట్టుకుంది. యజమాని మొదట చూడలేదు. చొక్కాల కౌంటరు దాకా వచ్చి ఆగాడు. వెనక డేగ, పక్కన సెక్రటరీగారు. సెక్రటరీగారు కళ్ళతో లెమ్మన్నారు. అది చాలదని, లేమ్మా అని పెదాలు కదిపారు. స్టూళ్ళ కోసం యజమాని ఎదుట బల్ల గుద్దిన మనిషి. ఆయన మొహంలో కనిపిస్తున్నది కోపం కాదు, కంగారు. ఇంటికొచ్చిన పెద్దమనుషుల ముందు కోడలు లేవకపోతే ఇంటివాళ్ళకి ఉండే కంగారు.

యజమాని చెడ్డగా ఏమీ మాట్లాడలేదు. గొంతులో దయ కూడా ఉంది. "ఏమ్మా, ఒంట్లో బాలేదా?"

ఎంత సులువు. అవునండీ, కాస్త నీరసంగా ఉందంటే చాలు, పాపం కూర్చోనివ్వండి అంటారు. సెక్రటరీగారి ప్రాణం కుదుటపడుతుంది. ఆమె అమ్మ బతికున్నన్నాళ్ళూ జ్వరమొచ్చినప్పుడే కూర్చుంది. అమ్మ కూర్చుంటే ఇంట్లో అందరూ వచ్చి నుదుటి మీద చెయ్యేసి చూసేవాళ్ళు. తనూ అంతే, కాన్పు తర్వాత కొన్నాళ్ళు, కాలు బెణికినప్పుడు కొన్నాళ్ళు. జబ్బు చూపిస్తే గానీ కూర్చోనివ్వని లోకం, జబ్బు చూపిస్తే ఇంటికి పంపేసే షాపు. ఎదురు వరసలో కళ్ళద్దాల పిల్ల ఒక చెయ్యి పొట్టమీద వేసుకుని రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

ఆమె మోకాళ్ళ మీది చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.

"బాగానే ఉందండీ" అంది. "ఊరికే కూర్చున్నాను."