దుమ్ము పడని కారు

కిటికీ రెక్కల సందుల్లో కాగితం టేపు అంటించడం పూర్తయ్యాక, అతను ఒక తువ్వాలును నీళ్ళలో ముంచి పిండి వీధి తలుపు కింద సందులో దోపాడు. వెనక గది గోడలో, పైకప్పుకు దగ్గరగా, చేతివెడల్పు గాలికన్నం ఒకటుంది. దాన్ని ముందే అట్టముక్కతో మూసేశాడు. ఇప్పుడు స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తడిగుడ్డతో తుడుస్తున్నాడు. ఆ ఫ్యాను సాయంత్రందాకా తిరగబోవడం లేదు. అయినా తిరగని ఫ్యాను మీంచి దుమ్ము రాలదని హామీ ఏముంది? దిగి నేల మీద నీళ్ళు చిలకరించాడు. నూలుబట్ట పీచు రాలుస్తుందని చొక్కా, బనీను విప్పి వెనక గదిలోకి విసిరేశాడు. ఒంటి మీద పాత నిక్కరొక్కటే మిగిలిన ఆ నడివయసు మనిషి, జారిన కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఆపరేషను చేయబోయే డాక్టరంత గంభీరంగా బల్ల ముందు నిలబడ్డాడు.

బల్ల మీద పుల్లకు గుచ్చి నిలబెట్టిన కారు బాడీ ఉంది. అరచేయంత పొడవు, ముదురు ఎరుపు రంగు. పెట్టెలో వచ్చినప్పుడు అది అందరూ కొనుక్కునే మామూలు మోడల్ కారు కిట్టే. అతను దాని పైకప్పును సన్న రంపంతో కోసి, కిందికి దించి, మళ్ళీ అతికించాడు. వెనక చక్రాలు వెడల్పు చేశాడు. కిట్టులో ఇచ్చిన మందపాటి అద్దాలు పారేసి పల్చటి ప్లాస్టిక్ షీటు కోసి కొత్తవి తయారుచేశాడు. హెడ్‌లైట్లయితే తాను పనిచేసే కళ్ళద్దాల దుకాణంలో విరిగిన అద్దాల ముక్కల్ని అరగదీసి చేసినవి. సీట్లు మాత్రం అతని పని కాదు. భార్య తన పాత చేతిసంచి తోలు కత్తిరించి, వెంట్రుకంత సన్నటి దారంతో కుట్టింది. ఆ సంగతి అతను ఎక్కడా చెప్పడు.

ఇక మిగిలింది ఆఖరి మెరుపు పూత. మర్నాడు పొద్దున్నే మోడల్ కార్ల సంఘం వాళ్ళ ప్రదర్శన. కిందటేడు ఇదే ప్రదర్శనలో, సంఘం పెద్ద భూతద్దం పెట్టి చూసి, అతని కారు కప్పు మీద ఆవగింజలో సగం కూడా లేని దుమ్ము నలుసు పట్టుకున్నాడు. "రంగు ఆరుతుంటే కిటికీ తెరిచి పెట్టుకున్నారా ఏమిటండీ?" అని అందరిముందూ నవ్వాడు. అప్పట్నుంచీ సంఘంలో అతని పేరు దుమ్ముగారు. కిటికీ తెరిచింది భార్య. ఆయాసంతో ఉక్కిరిబిక్కిరై ఒక్క నిమిషం తెరిచింది. అందుకు అతను ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. నెలల తరబడి మాట్లాడ్డం మానేశాడు. వడ్డిస్తే తిన్నాడు, లేచాడు, పోయాడు. ఎదురుగా ఉన్న మనిషి గోడైపోతే ఎలా ఉంటుందో ఆమెకు ఆ నెలల్లో తెలిసింది. ఇప్పుడు ఆమెకు ఆయాసం కన్నా ఆ మౌనమంటేనే ఎక్కువ భయం.

"ఏవండీ," వెనక గది గుమ్మంలోంచి భార్య పిలిచింది. గుమ్మం దాటి రాలేదు.

"ఆగు." అతను ఊపిరి బిగబట్టి స్ప్రే డబ్బా నొక్కాడు. సన్నటి తుంపర కారు మీద చివరి నుంచి చివరిదాకా పరుచుకుంది. పుల్ల తిప్పి మళ్ళీ నొక్కాడు. గదంతా ముక్కులు పగిలేలా థిన్నరు వాసన నిండింది. కారు మీద ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా బోర్లించాక గానీ ఊపిరి వదల్లేదు. "ఊఁ, చెప్పు."

"నా పీల్చే మందు అయిపోవచ్చిందండీ. వచ్చేటప్పుడు..."

"తెస్తాలే."

"నిన్న కూడా తెస్తానన్నారు."

"తెస్తానన్నానా లేదా? నేనొచ్చేదాకా కిటికీ, తలుపు, ఫ్యాను, ఏదీ ముట్టుకోకు. మెట్ల మీద గోడలు గీకుతున్నారు, తలుపు తీశావంటే సున్నమంతా లోపలికొచ్చి కూర్చుంటుంది." చిలక్కి చెప్పినట్టు చెప్పి, ఆమె గొంతులో మొదలైన పిల్లికూతలు విననట్టే చొక్కా తొడుక్కున్నాడు.

ఆమె అడగాలనుకున్నవి ఇంకా ఉన్నాయి, కానీ అడగడం ఎప్పుడో మానేసింది. పెళ్ళయిన కొత్తలో ఇలాంటి కారొకటి చేస్తుంటే, "ఇందులో నా సీటేది?" అని సరదాగా అడిగింది. "ఇందులో మనుషులు ఉండరు. మనుషుల్ని పెడితే అది పిల్లల బొమ్మైపోతుంది," అన్నాడు అతను, సరదా ఏమీ లేకుండా. అప్పట్లో ముందు గదిలో ఆమె కుట్టుమిషను ఉండేది. నలుగురికీ బట్టలు కుట్టేది. గుడ్డపీచు ఎగిరి రంగు మీద పడుతోందని అతను దాన్ని కింది వాటా ఆవిడకు ఇచ్చేశాడు. మిషను ఉన్న చోట ఇప్పుడు కార్లు పెట్టిన అద్దాల బీరువా ఉంది. ఆ బీరువాను రోజూ తుడవడం ఆమె పనుల్లో ఒకటి.

తలుపు ఒక్క మనిషి దూరేటంత తెరిచి, బయటపడి, చప్పుడు కాకుండా మూశాడు. లోపల ఆమె తువ్వాలును మళ్ళీ సందులో దోపే అలికిడి వినిపించాక మెట్లు దిగాడు.

కళ్ళద్దాల దుకాణంలో అతని చోటు వెనక ఉన్న ఇరుకు గది. ఫ్రేముకు సరిపోయేలా అద్దాల అంచులు అరగదీయడం, బిగించడం, తుడవడం అతని పని. తుడవడంలో అతన్ని మించినవాడు లేడు. అతని చేతిలోంచి వెళ్ళిన అద్దం మీద వేలిముద్ర కాదు గదా, శ్వాస మరక కూడా ఉండదు. దుకాణం ఇప్పుడు పాత యజమాని కొడుకుది. ఆ కుర్రాడికి అతన్ని పదిమందిలో చులకన చేయడం టీ తాగడమంత అలవాటు.

"ఏం బాబాయ్, చేతులు బొమ్మకార్లకి దాచుకుని, మిగిలింది మాకు తెస్తున్నావా?" అన్నాడు ఆ పొద్దు, ఒక అద్దం అంచు చిట్లితే. ఎదురుగా కొనేవాళ్ళున్నారు. "ఇలాంటి పని మా నాన్న ఓర్చుకున్నాడేమో గానీ నేను ఓర్చుకోను. కళ్ళు కనబడకపోతే చెప్పు, నీకూ ఓ జత ఇప్పిస్తా."

కొనేవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు. ఎన్నో ఏళ్ళుగా మింగుతున్న మాటలు గనక ఇదీ గొంతు దిగింది. దిగినవన్నీ ఎక్కడికి పోతాయో అతను ఎప్పుడూ ఆలోచించలేదు. ఇంట్లో అవి ఏ రూపంలో బయటికొస్తాయో తెలిసినది ఒక్క మనిషికే.

మధ్యాహ్నం భోజనాల వేళ ఫోను మోగింది.

"ఏవండీ..." కాసేపు ఈల లాంటి శ్వాస తప్ప మాట లేదు. "వెనక గదిలో ఆ అట్టముక్క... ఒక్కటీ తీసేదా?"

"తీస్తే గాలి వస్తుంది. గాలి వట్టి చేతులతో రాదు, దుమ్ము తెస్తుంది."

"వాసన తట్టుకోలేకపోతున్నానండీ. మందు అడుగంటింది. నొక్కితే ఉత్త గాలే వస్తోంది."

"ఇంకేం, నీకు కావాల్సింది గాలే కదా," అన్నాడు.

"సరేనండీ," అని ఆమె పెట్టేసింది.

ఆ మాట అతనికే భలేగా అనిపించింది. తనకింత చమత్కారం ఉందని తెలియదు. పక్కనే చేయి కడుక్కుంటున్న యజమానికి చెప్పాడు కూడా. యజమాని పగలబడి నవ్వాడు. "నువ్వు సామాన్యుడివి కాదు బాబాయ్!" అని భుజం తట్టాడు. ఇన్నేళ్ళలో ఆ చేయి అతని భుజం మీద పడడం అదే మొదటిసారి. మధ్యాహ్నమంతా ఆ భుజం వెచ్చగా ఉన్నట్టనిపించింది.

ఆ హుషారులోనే, చూపు మందగించిన ఒక ముసలావిడకు ఆమె అడగకుండానే పాత అద్దాలు విప్పి, సబ్బునీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, చెవుల వెనక ఒరుసుకోకుండా సరిచేసి పెట్టాడు. "ఎంత ఓపికయ్యా నీకు! నిన్ను కట్టుకున్నది అదృష్టవంతురాలు," అందావిడ. అతను సిగ్గుపడ్డాడు. నిజంగానే సిగ్గుపడ్డాడు, ఆ మాట నిజమని నమ్మాడు గనక.

సాయంత్రం దుకాణం నుంచి పెందలాడే బయటపడ్డాడు. దారిలో మందుల షాపు ముందు జనం మూగి ఉన్నారు. అతను ఆగాడు. ఆగలేదని అంటే అన్యాయమవుతుంది. వరస చివర నిలబడ్డాడు కూడా. కానీ ఎండ అప్పటికే మేడల మీదికి ఎక్కిపోతోంది. రంగులో లోపాలు పగటి వెలుగులోనే కనబడతాయి, దీపం వెలుగు అన్నిటినీ దాస్తుంది. వెలుగుండగా చూసుకోకపోతే రేపు భూతద్దం కింద మళ్ళీ ఏం బయటపడుతుందో! మందు రేపు ప్రదర్శన అయ్యాక తీరిగ్గా తేవచ్చు. ఎప్పుడూ ఉండే ఆయాసమే. వరసలోంచి తప్పుకుని ఇంటి దారి పట్టాడు.

తలుపు సందులోంచి లోపలికి జారగానే ఉక్క మొహం మీద కొట్టింది. గది పొయ్యిలా ఉంది. వాసన పోలేదు, పోవడానికి దారెక్కడుంది గనక! భార్య వెనక గదిలో మంచం అంచున కూర్చుని ఉంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊని, భుజాలు చెవులదాకా ఎత్తి, నోరు తెరుచుకుని శ్వాస లాగుతోంది. పెదవులు నీలంగా మారాయి. అట్టముక్క అతను పెట్టిన చోటే ఉంది.

"మందు..." అంది.

"జనం చాలామంది ఉన్నారు. రేపు తెస్తా."

ఆమె తల ఊపింది. ఎందుకు ఊపిందో ఆమెకే తెలియాలి.

అతను చొక్కా విప్పి, చేతులు కడుక్కుని, డబ్బా మెల్లగా పైకెత్తాడు. మూసిన కిటికీ గాజు రెక్కల్లోంచి వస్తున్న చివరి ఎండలో కారును అటూ ఇటూ తిప్పి చూశాడు. నలుసు లేదు. గీత లేదు. బుడగ లేదు. కప్పు మీద కిటికీ నీడ నాలుగు గళ్ళతో సహా చెక్కుచెదరకుండా కనిపిస్తోంది. అతని కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ కుదరనిది కుదిరింది.

"ఇలా రా, చూడు!" అన్నాడు. గొంతులో ప్రేమ లాంటిదేదో ఉంది.

ఆమె గోడ పట్టుకుని వచ్చింది. అంతదూరం రావడానికి ఆమెకెంత పట్టిందో అతను గమనించలేదు. వంగి చూసింది.

"నా మొహం కనబడుతోందండీ ఇందులో," అంది.

"దూరం, దూరం. నీ శ్వాస తగులుతుంది."

ఆమె వెనక్కి జరిగింది. "ఇంక కిటికీ తియ్యొచ్చా?"

"రంగు పైన ఆరింది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. అద్దాలు పెట్టి, బాడీ బిగించేస్తాను. ఒక్క అరగంట ఓర్చుకో. ఇన్నాళ్ళు ఓర్చుకున్నదానివి."

ఆమె మళ్ళీ గోడ పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళింది.

అతను దీపం దగ్గరికి లాక్కుని పనిలో మునిగాడు. అద్దాలు ఒక్కొక్కటే తుడిచి, తెల్లజిగురుతో లోపలినుంచి అతికించాడు. తెల్లజిగురు నెమ్మదిగా ఆరుతుంది గానీ అద్దానికి హాని చేయదు. సీట్లు అమర్చాడు. స్టీరింగు బిగించాడు. బాడీని కింది భాగం మీదికి దించబోతుండగా డాష్‌బోర్డు ఊడి పడింది. మళ్ళీ తెల్లజిగురు పెడితే తెల్లారేదాకా కూర్చోవాలి. అతను కాసేపు ఆలోచించి, క్షణంలో అతుక్కునే జిగురు సీసా తీశాడు. దాంతో వచ్చే చిక్కు అతనికి తెలియంది కాదు. ఆ జిగురు ఆరేటప్పుడు ఆవిరి వదులుతుంది. గాలాడని చోట ఆ ఆవిరి పోయి అద్దాల మీద తెల్లగా పేరుకుంటుంది. అందుకే దాన్ని వాడితే కిటికీ తెరిచి, కారును తెరిచి, గాలికి ఉంచాలి. కొత్తగా చేరినవాళ్ళకు అతనే ఈ మాట చెబుతుంటాడు. ఒక్క చుక్కకేం అవుతుందిలే అనుకున్నాడు. చుక్క పెట్టాడు, డాష్‌బోర్డు నొక్కి పట్టుకున్నాడు, బాడీ మూసి బిగించేశాడు.

మొదట్లో వెనక గదిలోంచి ఆ ఈలచప్పుడు చేయి కుదురుగా ఉండనివ్వకుండా వినిపిస్తూనే ఉంది. "కాస్త మెల్లగా పీల్చలేవూ?" అని ఒకసారి కసిరాడు కూడా. తరవాత ఎప్పుడో అది తగ్గింది. ఆ తరవాత ఆగిపోయింది. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. హమ్మయ్య, ఇప్పటికి పని చేసుకోనిచ్చింది, అనుకున్నాడు అతను. ఆ హాయైన నిశ్శబ్దంలోనే వైపర్లు పెట్టాడు, నంబరు పలక అంటించాడు, హెడ్‌లైట్లు తుడిచాడు.

"అయిపోయింది! ఇంక తీసుకో నీ కిటికీ!" అని గట్టిగా అన్నాడు.

జవాబు రాలేదు. అలిగిందనుకున్నాడు. ఇంకోసారి పిలిచి, విసుక్కుంటూ లేచి వెళ్ళాడు. ఆమె మంచం మీద లేదు. గాలికన్నం కింద, గోడకు వీపు ఆనించి, తల పైకెత్తి కూర్చుని ఉంది. పక్కనే స్టూలు. ఎక్కే ఓపిక లేకపోయిందో, ఎక్కకూడదనుకుందో. భుజం పట్టుకు కదిపితే పక్కకు ఒరిగిపోయింది.

అతను ముందు గదిలోకి పరిగెత్తి టేపు పీకాడు. దాన్ని ఎంత శ్రద్ధగా అంటించాడో, గోళ్ళు విరిగినా ఒక పట్టాన రాలేదు. కిటికీ రెక్కలు బార్లా తెరుచుకున్నాయి. సాయంత్రపు చల్లగాలి, వీధి దుమ్ముతో సహా, గదిలోకి వచ్చింది. ఎవరి కోసం వచ్చిందో గానీ ఆమె కోసం మాత్రం కాదు.

అరుపు విని కింది వాటా ఆవిడ సున్నపు పాదాలతో పరిగెత్తుకొచ్చింది. నాడి చూసింది, చెంపలు తట్టింది, నీళ్ళు చల్లింది, ఆఖరికి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూలబడింది.

"మధ్యాహ్నం తలుపు కొట్టాను అన్నయ్యగారూ," అంది ఏడుస్తూ. "తలుపు తియ్యకుండానే మాట్లాడింది. ఒంట్లో బాగాలేదా వదినా, మా ఇంటికి రా అంటే, 'ఇప్పుడు తీస్తే ఆయన మాట్లాడ్డం మానేస్తారు, సాయంత్రం వస్తాలే' అంది. ఏంటన్నయ్యగారూ, అంత తియ్యకూడని తలుపేంటి?"

చుట్టుపక్కల వాటాల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు. తలుపులు బార్లా తీశారు. ఎవరో ఫ్యాను వేశారు. ఎవరో డాక్టరుకు ఫోను చేస్తున్నారు. మంచం బయటికి లాగడానికి అడ్డంగా ఉందని ఇద్దరు కలిసి బల్లను కిటికీ పక్కకు జరిపారు. ఆ కుదుపుకు కారు బల్ల అంచుదాకా దొర్లి ఆగింది.

అప్పుడు చూశాడు అతను. కారు అద్దాలన్నీ పాలిపోయి ఉన్నాయి. ముందుది, వెనకది, పక్కవి, అన్నీ. అలవాటున చేయి దానంతటదే లేచింది. వెనకే, బయటికి లాగిన మంచం మీద భార్యను పడుకోబెడుతుంటే, అతను జేబులోంచి కళ్ళద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ తీసి, ముందు అద్దాన్ని తుడిచాడు. పోలేదు. గట్టిగా రుద్దాడు. పోలేదు. తెలుపు లోపలివైపు ఉంది. బీరువా మీంచి, ఫ్యాను గాలికి, సన్నటి దుమ్ము లేచి కారు ఎర్రటి కప్పు మీద వాలుతోంది. ఆ కప్పు కింద, ఎవరో కూర్చుని ఊపిరి వదులుతున్నట్టు లోపలినుంచి తెల్లబడిపోయిన అద్దాల వెనక, చేతిసంచి తోలుతో కుట్టిన రెండు సీట్లూ ఇక కనిపించడం లేదు.