రెండు ఫోన్లూ ఒకేరోజు

మా వీధిలో నన్ను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. పెద్దవాళ్ళు "వాలిడిటీ" అంటారు, పిల్లలు "వాలిడిటీ మామయ్యా" అంటారు. ఫోన్ రీచార్జి కొట్టు పెట్టి పదకొండేళ్ళయింది. ఎవరైనా వచ్చి "ఏదో ఒకటి వెయ్యి" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ముందు స్టూలు మీద కూర్చోబెట్టి అడుగుతాను. రోజుకి ఎంతసేపు మాట్లాడతావు, వీడియోలు చూస్తావా, ఇంట్లో ఏ మూల సిగ్నల్ ఉంటుంది, జీతం నెలకా వారానికా. వాళ్ళకి విసుగొస్తుందేమో గానీ నాకు రాదు.

కంపెనీలు నాలుగు. బోర్డుల రంగుని బట్టి ఎర్రది, నీలంది, పచ్చది, తెల్లది అంటాం. వాటి ప్లాన్లన్నీ పొడుగు నోటుబుక్కులో గళ్ళు గీసి రాస్తాను. ఏ కంపెనీ వాడు ఏ పూట రేటు మార్చినా ఆ సాయంత్రానికి నా గడిలో కొట్టివేత పడాల్సిందే. వాళ్ళు నెల వాలిడిటీ అని చెప్పేది ఇరవై ఎనిమిది రోజులు. అంటే ఏడాదికి పన్నెండుసార్లు కాదు, పదమూడుసార్లు వేయించుకోవాలి. ఈ ముక్క చెబితే జనం నోరు వెళ్ళబెడతారు. "చెప్పేవాడికి వినేవాడు లోకువ" అని ఒకాయన నా మొహం మీదే అన్నాడు. మెట్లు దిగేదాకా తిట్టాను, మళ్ళీ వెనక్కి పిలిచి అతనికి సరిపోయే చవక ప్లాన్ వేసి పంపాను.

కొట్టులో నాకొక నియమం ఉండేది. ఒకింట్లో రెండు ఫోన్లుంటే రెండింటినీ ఒకేరోజు కంపెనీ మార్చకూడదు. నంబరు అదే ఉంచుకుని కంపెనీ మారేటప్పుడు ముందు పాత సిమ్ము పనిచేయడం మానేస్తుంది. కొత్తది వెంటనే అందుకోదు. రెండు గంటలు పట్టొచ్చు, నాలుగైనా పట్టొచ్చు. ఆ మధ్యలో ఎవరు చేసినా ఫోన్ కలవదు. అందుకని ఈరోజు మొగుడిది మారిస్తే రేపు పెళ్ళానిది. ఈ నియమం నాకెవరూ నేర్పలేదు, నేనే పెట్టుకున్నాను. తప్పింది కూడా నేనే, అదీ సొంత చెల్లెలి దగ్గర.

నా కొట్టుకీ పక్కనున్న టైలరు కొట్టుకీ మధ్య ఒక చెక్క గోడ అడ్డం. ఆ టైలరు నా చెల్లెలి మొగుడు. ఇద్దరం ఒక ఈడువాళ్ళం, పెళ్ళికి ముందు నుంచే స్నేహితులం. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం అతని పని. నా గొంతు అతనికీ, అతని మిషన్ చప్పుడు నాకూ పొద్దస్తమానం వినబడుతూనే ఉంటాయి. నేను ఎవరిమీదైనా మరీ గట్టిగా అరిస్తే గోడమీద కత్తెరతో రెండుసార్లు కొట్టి, "బావా, నీ వాలిడిటీ అయిపోతుంది, ఆపు" అనేవాడు.

చెల్లెలికి రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో నాలుగేసి గంటలు డయాలిసిస్ మిషన్ పక్కన పడుకునేది. మాలో ఎవరి కిడ్నీ కూడా ఆమెకి సరిపడలేదు. నాది చూశారు, బావది చూశారు. ఇక మిగిలింది, చనిపోయినవాళ్ళ దగ్గర్నుంచి తీసినది ఎప్పుడైనా దొరికితే పెట్టడం. దానికి ఆసుపత్రిలో ఒక జాబితా ఉంది. దొరికిన రోజున వాళ్ళు ఫోన్ చేస్తారు. గంటా గంటన్నరలోగా మనం పలక్కపోతే జాబితాలో తరువాతివాళ్ళకి చేస్తారు. ఫారంలో రెండు నంబర్లకే చోటుంది. ఒకటి చెల్లెలిది, రెండోది బావది.

రెండేళ్ళుగా మా బతుకంతా ఆ రెండు ఫోన్ల చుట్టూ తిరిగింది. చెల్లెలు స్నానానికి వెళ్ళినా ఫోన్ ప్లాస్టిక్ సంచిలో చుట్టి కిటికీలో పెట్టుకునేది. తెలియని నంబరు నుంచి మోగితే చాలు, బావ సూది వేలికి గుచ్చుకున్నా చూసుకునేవాడు కాదు. తీరా చూస్తే ఎవడో లోన్ కావాలా సార్ అని అడిగేవాడు. వాడికి అతను మర్యాదగా వద్దండీ అని చెప్పేవాడు. ఫోన్ లాక్కుని నేను తిట్టేవాణ్ణి.

వాళ్ళది నీలం కంపెనీ. వాళ్ళింట్లో మంచం దగ్గర దానికి సిగ్నల్ సరిగా రాదు. ఉన్నట్టుండి ఒక గీత, ఉన్నట్టుండి సున్నా. చెల్లెలు శ్వాస అందకపోయినా బయటి మెట్ల మీదకొచ్చి కూర్చునేది, ఫోన్ మోగుతుందో లేదోనని.

"ఇలా మెట్లమీద కూర్చోవడమేమిటే చిట్టీ, చలికి చచ్చిపోతావు" అన్నాను ఒకరోజు.

"ఏ చావైనా ఒకటేలే అన్నయ్యా. ఫోన్ మోగి నేను వినకపోతే, అది మాత్రం భరించలేను" అంది.

నాలుగు కంపెనీల సిమ్ములూ పాత ఫోన్లలో వేసుకుని వాళ్ళింట్లో గది గదికీ తిరిగాను. మంచం దగ్గర, వంటగదిలో, స్నానాల గదిలో, ఆసుపత్రిలో ఆమె పడుకునే హాల్లో కూడా. ప్రతిచోటా ఎన్ని గీతలు వస్తున్నాయో నోటుబుక్కులో రాశాను. నర్సు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. ఎర్రది అన్నిచోట్లా నిండా పలికింది. పైగా వాళ్ళకి జంట ప్లాన్ ఒకటి ఉంది. రెండు నంబర్లు కలిపి మారితే రేటు సగానికి సగం తగ్గుతుంది. మందులకే చాలక బావ ఆదివారాలు కూడా మిషన్ తొక్కుతున్న రోజులవి. ఒకటే తిరకాసు. రెండూ ఒకేరోజు మారాలి, ఆ ఆఫరుకి గడువు కూడా ఉంది.

గడువు ఆఖరు రోజున పొద్దున తొమ్మిదిన్నరకి బావ రెండు ఫోన్లూ తెచ్చి బల్లమీద పెట్టాడు. ఆ రోజు చెల్లెలికి డయాలిసిస్ లేదు, ఇంట్లో పడుకుని ఉంది.

"ఒకటి ఈరోజు, ఒకటి రేపు మారుద్దాం బావా. నువ్వే అంటావుగా" అన్నాడు.

"రేపటికి ఆఫరుండదు. సగం రేటు పోతుంది."

"పోతే పోనీలే. ఆసుపత్రి వాళ్ళు చేస్తే?"

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "రెండేళ్ళు మోగనిది ఈ నాలుగు గంటల్లో మోగుతుందా? వడ్డించేవాడు మనవాడైతే బంతిలో ఎక్కడ కూర్చుంటేనేం? నేనున్నాగా. నువ్వెళ్ళి ప్యాంట్లు కత్తిరించుకో" అన్నాను.

అతను మళ్ళీ ఏదో అనబోయి, నామీద నమ్మకంతో వెళ్ళిపోయాడు. నేను రెండు నంబర్లకీ కంపెనీ మార్పు పెట్టాను. పదింటికల్లా పాత సిమ్ములు ఆగిపోయాయి, వాటిని తీసి కొత్తవి వేశాను. పదకొండు, పన్నెండు, ఒంటిగంట. కొత్తవి పలకలేదు. మధ్యలో రెండుసార్లు బావ గోడమీద కత్తెరతో కొట్టి "వచ్చిందా?" అని అడిగాడు. "వస్తుందయ్యా బాబూ, ప్రాణం తీయకు" అని అరిచాను.

రెండు దాటాక రెండు ఫోన్లలోనూ నిండా గీతలొచ్చాయి. అబ్బ, ఎంత సంతోషించానో. బావని పిలుద్దామని నోరు తెరిచేలోపు చెల్లెలి ఫోన్ నా చేతిలోనే మోగింది.

ఒకావిడ మెల్లగా మాట్లాడింది. ఆసుపత్రి నుంచట. "పదకొండు నుంచి రెండు నంబర్లకీ చేస్తూనే ఉన్నామండీ. పన్నెండున్నర దాకా చూశాం. అంతకంటే ఆగడానికి వీల్లేదు. ఆ సంగతి చెబుదామనే మళ్ళీ చేశాను" అంది.

"ఇప్పుడే బయల్దేరతాం అమ్మా. పావుగంటలో అక్కడుంటాం. ఆటో వీధి చివరే ఉంటుంది" అన్నాను.

"తరువాతి పేషెంటుని లోపలికి తీసుకెళ్ళారండీ. మీ పేరు జాబితాలోనే ఉంటుంది. మళ్ళీ వచ్చినప్పుడు తప్పకుండా చేస్తాం. ఫోన్ మాత్రం దగ్గర ఉంచుకోండి."

నేనేదో అన్నాను, ఏమన్నానో నాకే తెలియదు. ఆవిడ పెట్టేసింది. ఆ గొంతు పక్కనే నిలబడి మాట్లాడినంత స్పష్టంగా వినబడింది. నేను ఎంచిన సిగ్నల్ మరి.

గోడ అవతల మిషన్ ఆగింది. బావ తలుపు దగ్గరికొచ్చాడు. మెడలో టేపు అలాగే ఉంది.

"మోగినట్టుందే. ఎవరు?"

"కంపెనీవాళ్ళు. టెస్టు కాల్" అన్నాను.

"బాగా వినబడుతోందా?"

"బ్రహ్మాండంగా."

ఫోన్లు తీసుకుని వెళ్ళిపోయాడు. నేను షట్టరు సగం దించి, లోపల నేలమీద కూర్చుని నోట్లో కండువా కుక్కుకుని ఏడ్చాను. చెక్క గోడ కదా, గట్టిగా ఏడవడానికి కూడా లేదు. చెబుదామనుకున్నాను. ఆ సాయంత్రమే చెబుదామనుకున్నాను. మళ్ళీ ఇంకో ఫోన్ వస్తే, కిడ్నీ దొరికితే, అప్పుడు నవ్వుతూ చెప్పొచ్చని నన్ను నేనే మభ్యపెట్టుకున్నాను. పిరికివాడికి వంద సాకులు.

ఇరవై ఎనిమిదో రోజున చెల్లెలే స్వయంగా రీచార్జికి వచ్చింది. ఇంటి నుంచి కొట్టుకి వంద అడుగులుండవు. అయినా మధ్యలో రెండుసార్లు ఆగి గోడ పట్టుకుంది. నేను పరుగెత్తి చెయ్యందించాను.

"నువ్వెందుకే రావడం? బావ చేత పంపితే పోయేదిగా!"

"నిన్ను చూసి చాలా రోజులైందని వచ్చాను. ఈమధ్య ఇంటికి రావడం మానేశావేం?"

"పని."

"సిగ్నల్ మాత్రం భలే ఉంది అన్నయ్యా. మంచంమీద నుంచే అన్నీ వినబడుతున్నాయి. మెట్లమీదకి వెళ్ళే బాధ తప్పించావు" అని నా చెయ్యి నొక్కింది. ఆమె చేతిమీద సూదులు గుచ్చిన చోట్లన్నీ ఉబ్బి ఉన్నాయి. నేను తల వంచుకుని నంబరు కొట్టాను. ఆ నంబరు నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. అయినా రెండుసార్లు తప్పు కొట్టాను.

మరో ఇరవై ఎనిమిది రోజులకి మళ్ళీ వచ్చింది. ఈసారి బావ పట్టుకుని తీసుకొచ్చాడు. మళ్ళీ అదే మాట, "సిగ్నల్ భలే ఉంది అన్నయ్యా." స్టూలు మీద కూర్చుని నా నోటుబుక్కు తిరగేసి, గళ్ళు వంకరగా గీశానని ఏడిపించింది. చిన్నప్పుడు నా హోంవర్కు తనే చేసిపెట్టేదని బావకి చెప్పింది. అబద్ధం, నేనే తనకి చేసేవాణ్ణి. అలా అని పోట్లాడాను కూడా. కాసేపు ముగ్గురం నవ్వుకున్నాం.

తరువాత మూడు వారాలకి, ఆసుపత్రిలో డయాలిసిస్ జరుగుతుండగానే గుండె ఆగి చనిపోయింది. ఆమె ఫోన్‌లో ప్లాన్ ఇంకా ఏడు రోజులుంది. ఆసుపత్రి నుంచి మళ్ళీ ఫోన్ రానేలేదు.

రెండు వారాలు కొట్టు తీయలేదు. తీసిన రోజున ముందు పక్క కొట్టుకే వెళ్ళాను. బావ ఎవరిదో ప్యాంటు అంచు విప్పుతున్నాడు. అతని ఎదురుగా నిలబడి చేతులు జోడించాను.

"బావా, నీకొకటి చెప్పాలి. ఫోన్లు మార్చిన రోజు..."

"తెలుసు" అన్నాడు, తలెత్తకుండా.

"ఏం తెలుసు?"

"ఆసుపత్రి వాళ్ళు చేశారని. పదకొండింటికి."

అక్కడున్న బట్టల మూటమీద కూలబడ్డాను.

మెల్లగా చెప్పాడు. ఆ రోజు కిడ్నీ పెట్టినది ఒక లెక్కల టీచరుకట. ఆవిడ మునుపు చెల్లెలి పక్క మంచంమీదే ఉండేది. మూడు వారాల తరువాత చెకప్‌కి వచ్చి, వరండాలో చెల్లెల్ని చూసి కావలించుకుని ఏడ్చిందట. "ముందు నీకే చేశారటమ్మా, రెండు ఫోన్లూ కలవలేదట" అందట. ఏ తారీకో అడిగి తెలుసుకుని చెల్లెలు ఇంటికొచ్చి బావకి చెప్పిందట.

నేను వేళ్ళమీద లెక్కపెట్టాను. మూడు వారాలు. ఇరవై ఎనిమిది రోజులకంటే ముందు. అంటే ఆమె నా కొట్టుకి వచ్చిన రెండుసార్లూ తెలిసే వచ్చింది.

"మరి నన్నొక్క మాట అనలేదేం బావా? నువ్వైనా వచ్చి నా చొక్కా పట్టుకోలేదేం?"

"కోపం లేదని అనను" అన్నాడు. "నువ్వు గోడ అవతల దగ్గినా ఒళ్ళు మండిపోయేది. కత్తెర పట్టుకుని లేచి, మళ్ళీ కూర్చున్న రోజులున్నాయి. ఫోన్లు మార్చిన రోజు నేను గట్టిగా వద్దనకపోవడం నా తప్పు కాదా? అయినా ఆమె ఒట్టు వేయించుకుంది. అన్నయ్యకి తెలిస్తే కొట్టు మూసేస్తాడు, తిండి మానేస్తాడు, వాడికి చెప్పొద్దు అంది. నువ్వు దాస్తున్నావని కూడా తెలుసు తనకి. చెప్పుకోలేక చస్తున్నాడు పాపం అనేది."

అతను సొరుగు తీసి ఆమె ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"దీని టైమైపోయింది. వెయ్యి."

"ఇంకెందుకు బావా ఇది?"

"'దగ్గర్లో ఇంకో కొట్టుంది, నువ్వు నడవలేవు, నేనే అక్కడ వేయించుకొస్తాను' అని ఆ నెలలోనే ఆమెతో అన్నాను. నీ మొహం చూడలేక అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. 'అన్నయ్య దగ్గరే వేయిద్దాం. కొట్టు మారిస్తే మనకి తెలిసిందని వాడికి తెలిసిపోతుంది' అంది. అందుకే తనే నడిచి వచ్చింది. ఇకమీదా నీ దగ్గరే వేయిస్తాను."

వంద అడుగులు. రెండుసార్లు ఆగి గోడ పట్టుకుంది. వచ్చి, సిగ్నల్ బాగుందని చెప్పి, నా చెయ్యి నొక్కి వెళ్ళింది. నేను అక్కడే, ఆ బట్టల మూటమీదే గుండెలు బాదుకుని ఏడ్చాను. ఈసారి నోట్లో కండువా పెట్టుకోలేదు. బావ నన్ను ఓదార్చలేదు, వెళ్ళిపొమ్మనీ అనలేదు. ప్యాంటు పక్కన పెట్టి ఊరికే కూర్చున్నాడు.

ఆ తరువాత ఇద్దరం నా కొట్టులోకి వచ్చాం. అతను స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఆమె నంబరు కొట్టి ఇరవై ఎనిమిది రోజులకి వేశాను.