పసుపు దారం కట్టిన మందారం

మునికృష్ణ చిత్తూరు కోర్టులో గుమాస్తా. ఒంటరివాడు. పెరట్లో అతనికి రెండు మందారాలున్నాయి. ఇటుకరంగుది చలికాలంలో పూస్తుంది, తెల్లది ఎండలు ముదిరాక. రెంటినీ కలిపి కొత్త రంగు పుట్టించాలని అతని ఆశ. ఒకటి పూసేనాటికి రెండోది ఆకులతో సరిపెట్టుకునేది. ఈ మాఘంలో పడిన అకాల వాన పుణ్యమా అని ఒకే పొద్దున రెండూ విచ్చాయి. ఇటుకరంగు పువ్వు పుప్పొడిని తెల్లదానికి అద్ది, గుర్తుకోసం దాని తొడిమెకు చేతికందిన పసుపు దారం కట్టాడు.

మధ్యాహ్నానికే నగరి నుంచి ఫోను. అక్కకు ఒంట్లో బాగాలేదు. ఉన్నపళంగా బయలుదేరాడు.

బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది ఆనందమ్మ. పక్కింటి పెద్దావిడ తెల్లారకముందే గోడ మీదుగా చెయ్యి చాపి గంగమ్మకు పూలు కోసుకుంటుంది. వాడినవి చెట్టుకు బరువని వాటినీ తొడిమెతో సహా గిల్లేస్తుంది. తొడిమె పోతే కాయ పోయినట్టే. ఇన్నేళ్లలో ఒక్కసారైనా అతను వద్దని అనలేదు. అనలేని మాటలన్నీ లోపల పేరుకుని, అక్క మంచం పక్కన కూర్చున్నా మనసులో ఆవిడతోనే పోట్లాడుతున్నాడు.

వారం తర్వాత తిరిగొచ్చి, సంచి దించకుండానే పెరట్లోకి నడిచాడు. వానకు వచ్చిన మిగతా పూలన్నీ తొడిమెలతో సహా పోయాయి. దారం కింద మాత్రం శనగగింజంత పచ్చటి కాయ. ఆ కొమ్మకు కుంకుమ బొట్టు.

"వచ్చినావా అబ్బయ్యా! మీ అక్కకెట్లుండాది?" గోడ అవతల నుంచి ఆనందమ్మ పలకరించింది.

"నయం పెద్దమ్మా. ఇది... కొయ్యలేదే?"

"మొక్కుకోని దారం కట్టినావు గదా, యాడన్నా తెంచుతారా? నా మనవరాలు చెయ్యి పెట్టబోతే వీపు వాయించినాను." గొంతు తగ్గించింది. "పెండ్లి కోసమేనా? నలభై దాటినాక గుర్తొచ్చిందా?"

అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్లు చెమ్మగిల్లాయి. వారమంతా తాను తిట్టుకున్న మనిషి, తన కోరిక ఏమిటో కూడా తెలియకుండా ఆ వారమంతా దానికి కాపలా కాసింది.

"పెండ్లి కాదు పెద్దమ్మా. కొత్త రంగు పువ్వు కోసం."

"దీనికా! గంగమ్మకు వేరే పనిలేదనుకున్నావా?" పగలబడి నవ్వింది. "సరే, ఎప్పుడు పూస్తాది?"

"గింజలు నాటినాక ఏడాది పైనే పడ్తాది."

"అప్పుడు మాత్రం కోసుకుంటా. ముందే చెప్తాండా."

ఆ మొదటి పువ్వును సాయంత్రం దాకా చెట్టుమీదే చూసుకోవాలని అతను ఎన్నాళ్లుగానో అనుకున్నాడు. దారం ముడిని మెల్లగా సవరించాడు.

"నువ్వే కొయ్యి పెద్దమ్మా," అన్నాడు. "కోసేముందు నన్ను మాత్రం లేపు."