గీత దాటిన ఆయిల్

పందెం మొదలవడానికి ఇంకా చాలా సేపు ఉందనగానే పళ్ల డాక్టరు కారు దిగి బానెట్ ఎత్తింది. మైదానం నిండా పాత కార్లే. గుండ్రటి దీపాలవి, వెనక రెక్కలు తేలినట్టుండేవి, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినంత చప్పుడు చేసేవి. ఒక్కొక్కటే బయల్దేరి ఎదురుగా ఉన్న కొండ ఎక్కాలి. అందరికంటే తక్కువ సేపట్లో పైకి చేరినవాళ్లు గెలిచినట్టు. జనం అద్దాలు తుడుచుకుంటున్నారు, ఫొటోలు దిగుతున్నారు, పక్కవాళ్ల కారు చుట్టూ తిరిగి పెదవి విరుస్తున్నారు. డాక్టరుకి రాత్రంతా కునుకు పట్టలేదు. అయినా ఒంట్లో అలసటన్నది లేదు. కాళ్లు నేల మీద నిలవడం లేదు.

ఆ ఆకుపచ్చ కారు ఆమె మామగారిది. చూపు మందగించి ఆయన నడపడం మానేశాక షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయింది. అమ్మేద్దామని మొగుడు అన్న రోజున, ఊరికే ఒకసారి చూద్దామని ఆమె బానెట్ ఎత్తింది. అంతే, ఆ రోజు లోపల పెట్టిన తల మళ్లీ బయటికి తీయలేదు. సెలవు దొరికితే మెకానిక్ పక్కన చేరి ఒక్కో భాగం విప్పడం, కడగడం, బిగించడం నేర్చుకుంది. "రోజంతా మనుషుల నోళ్లలో చూసింది చాలదా, ఇప్పుడు దీని నోట్లో కూడానా?" అని మొగుడు గొణిగేవాడు. ఏడాది తిరిగేసరికి బండి గుర్రుమంది. ఈ పందెమే దానికి మొదటి పరీక్ష, ఆమెకి కూడా.

పక్క సీటు ఆడపడుచుది. రేడియోలో వార్తలు చదివే మనిషి. దారి పటం చూసి మలుపులు చెప్పడం ఈ రోజు ఆమె ఉద్యోగం.

"వదినా, ఇప్పుడు మళ్లీ ఏం చూస్తావు? నిన్న పొద్దున చూశావుగా!"

"నిన్న చూసింది నిన్నటికి. పాత ఇంజను ఆయిల్ తాగుతుందే. బయల్దేరే ముందు చూడాల్సిందే."

డాక్టరు ఇంజను పక్కనున్న కొక్కెం పట్టుకుని ఆయిల్ కొలిచే పొడవాటి పుల్లని సర్రున లాగింది. గుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్లీ అడుగుదాకా దించి, పైకి తీసింది. పుల్ల చివర రెండు గీతలుంటాయి. కింది గీతకి దిగితే కరువు, పై గీత దాటితే ఎక్కువ. నిన్న ఇంటి దగ్గర రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉంది. ఇప్పుడు పై గీత దాటి వేలెడంత పైకి పాకి ఉంది.

"ఏమే, నువ్వేమైనా ఆయిల్ పోశావా?"

"నేనెందుకు పోస్తాను? మూత ఎక్కడుంటుందో కూడా నాకు తెలీదు. అయినా పెరిగితే మంచిదేగా? గిన్నెలో పాలు ఎక్కువయ్యాయని ఎవరైనా ఏడుస్తారా?"

"ఎవరూ పోయకుండా పాలు పెరిగితే ఏడవరా?"

ఆడపడుచు కూడా వంగి పుల్ల వైపు చూసింది.

కారు నిలిచిన చోట నేల కాస్త ఏటవాలుగా ఉంది. బహుశా అందుకే లెక్క తప్పిందేమో. ఇంజను స్టార్ట్ చేయకుండా ఇద్దరూ చెరో పక్క భుజం ఆనించి, రొప్పుకుంటూ, కారుని మైదానం గేటు దగ్గరున్న సిమెంటు గచ్చు మీదికి నెట్టారు. ఆయిల్ సర్దుకునేదాకా ఆగి మళ్లీ చూసింది. అదే ఎత్తు. పుల్ల చివర ఆయిల్‌ని వేళ్ల మధ్య రుద్దింది. చిక్కగా జారాల్సింది నీళ్లలా పలచగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పెట్రోలు వాసనే పిల్లా! ఆయిల్లో పెట్రోలు కలుస్తోంది!"

ఒక్క నిమిషం ఆమె బుర్ర కారుకంటే జోరుగా పరిగెత్తింది. ఇంజనులోకి పెట్రోలు దొంగచాటుగా ఎక్కణ్ణించి వస్తుంది? ఇంజను పక్కనే బోల్టులతో బిగించిన పెట్రోలు పంపు ఉంది. దాని పొట్టలో పలచటి రబ్బరు పొర ఒకటి పైకీ కిందికీ ఆడుతుంటుంది. ఆ పొర చిరిగితే పెట్రోలు తిన్నగా ఆయిల్లోకే కారుతుంది. నిన్న ఇద్దరూ ఊరంతా తిప్పి ఇక్కడికి తెచ్చారు కదా, దారి పొడుగునా కారుతూనే వచ్చిందన్నమాట. ఇలాగే కొండ ఎక్కిస్తే ఆ పలచని ఆయిల్‌తో ఇంజను లోపలి భాగాలు ఒకదాన్నొకటి రాసుకుని, మూడో మలుపు దగ్గరే పట్టేసి కూర్చుంటుంది. నిప్పు అంటుకున్నా ఆశ్చర్యం లేదు. భయం వేయాల్సిన చోట ఆమెకి ఒళ్లు పులకరించింది. దొరికింది! లోపలి రోగం, బయటికి ఏ నొప్పీ చెప్పనిది, చేతికి దొరికింది!

"వదినా, నవ్వుతున్నావేంటి? పందెం పోయినట్టేగా?"

"పోలేదు. పంపు మార్చాలి, ఆయిల్ మొత్తం దించేసి కొత్తది పోయాలి. ఆయిల్ డబ్బా డిక్కీలో ఉంది. పంపే లేదు."

ఆడపడుచు చుట్టూ చూసింది. వరస మొదట్లో సరిగ్గా ఇలాంటి కారే ఇంకొకటి ఉంది, ఎర్రది, అద్దంలా మెరుస్తోంది. దాని యజమాని బూట్ల షాపాయన. మెలితిప్పిన మీసాలు చూసి అందరూ మీసాలాయన అంటారు. నా డిక్కీలో ఇంకో కారుకి సరిపడా సామానుందని పొద్దుటినుంచీ మైదానమంతా వినపడేలా చెబుతున్నాడు. ఇద్దరూ పరుగున వెళ్లారు.

సంగతి విని ఆయన మీసం దువ్వాడు. "పంపు ఉందమ్మా. కాదనను. కానీ దారిలో నాదే పాడైతే? పైగా పందెంలో నాకు సాటి వచ్చే బండి మీదొక్కటే. నా చేత్తో నేనే..."

"సరే అన్నయ్యగారూ, మీ కష్టం మీది," అంది డాక్టరు. "మీ బండిలో ఆయిల్ చూసుకున్నారా మరి?"

"నా బండి చుక్క తాగదు!"

"ఒక్కసారి చూస్తే పోయేదేముంది?" అంటూ ఆడపడుచు వార్తలు చదివే గొంతు ఎత్తింది. "ఎర్ర కారులో ఆయిల్ ఎంత? వివరాలు మరికాసేపట్లో!"

చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. మీసాలాయన బింకంగా బానెట్ ఎత్తి పుల్ల లాగాడు. తుడిచి మళ్లీ పెట్టి తీశాడు. కొసన చెమ్మ తగిలినట్టుంది, అంతే. కింది గీతకి కూడా అందలేదు. ఆయన రెండోసారి చూశాడు, మూడోసారి చూశాడు. తర్వాత తన మీద తనే పగలబడి నవ్వాడు.

"నిన్నంతా పైపైన మెరుగులు దిద్దుతూ కూర్చున్నానమ్మా! మీ దగ్గర ఆయిల్ మిగులుతుందా?"

"మాకు పోయగా మీకు సరిపోతుంది."

"అయితే పంపు తీసుకోండి. స్పానర్లు కూడా నేనే తెస్తాను, పదండి!"

ఈ మాట ఎలా పాకిందో తెలియదు గానీ వరస పొడుగునా బానెట్లు ఒకదాని వెంట ఒకటి లేచాయి. అందరి చేతుల్లోనూ పుల్లలు, గుడ్డలు. "నాది సరిగ్గానే ఉందోయ్!" అని ఒకరు, "కొంచెం పోయాలి!" అని ఇంకొకరు. జెండా ఊపాల్సిన పెద్దాయన విస్తుపోయి చూస్తున్నాడు.

గచ్చు మీద పని జోరందుకుంది. మీసాలాయన కారు కింద తొట్టి పెట్టి అడుగు నట్టు తీశాడు. పలచబడిన ఆయిల్ బొళబొళ దిగింది. పెట్రోలు వాసన గుప్పుమంది. "ఎవరూ సిగరెట్ వెలిగించకండి!" అని ఆడపడుచు కాపలా కాసింది. డాక్టరు ట్యాంకు నుంచి వచ్చే గొట్టాన్ని నొక్కి కట్టి, బోల్టులు వదులు చేసి పాత పంపుని ఊడదీసింది. కింది రంధ్రంలోంచి పెట్రోలు బొట్లు బొట్లుగా రాలింది. ఇక అనుమానమే లేదు. ఇరుకు సందుల్లో చేతులు ఆడించడం ఆమెకి కొత్త కాదు. కొత్త పంపు కూర్చోబెట్టింది, గొట్టాలు తగిలించింది, బిగించింది. అడుగు నట్టు వేశారు. ఆయిల్ పోసి, కాసేపు ఆగి, పుల్ల తీసి చూసింది. రెండు గీతల మధ్య, తేనె రంగులో, బుద్ధిమంతురాలిలా కూర్చుని ఉంది.

"ఆకుపచ్చ కారు! ఆఖరి పిలుపు!" జెండా పెద్దాయన అరిచాడు. మీసాలాయన మిగిలిన డబ్బా అందుకుని తన కారు వైపు పరిగెత్తాడు.

డాక్టరు తాళం తిప్పింది. ఇంజను దగ్గింది, ఆగింది. మళ్లీ తిప్పింది. కొత్త పంపులోకి పెట్రోలు ఎక్కాలి కదా. మూడోసారికి ఒక్కసారిగా గర్జించింది. కానీ స్టీరింగు వెనక చిన్న ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఆయిల్ ఇంకా పైకి అందలేదని దాని అర్థం. ఇద్దరూ దాన్నే చూశారు. ఆరదేం? ఇంకా ఆరదేం? ఆరింది!

"పోనీ వదినా, పోనీ!"

జెండా పడింది. ఆకుపచ్చ కారు ముందుకు దూకింది. మొదటి ఎత్తులోనే వెనక ఊరు కిందికి జారిపోయింది. "ఎడమ మలుపు, గట్టిది! తర్వాత కుడి, మెల్లగా! ఇప్పుడు తిన్నగా, తొక్కు తొక్కు!" ఆడపడుచు వార్తల గొంతు ఎప్పుడో ఎగిరిపోయింది, చిన్నపిల్లలా కేకలు పెడుతోంది. డాక్టరు గేరు మార్చిన ప్రతిసారీ ఇంజను మాట విన్నట్టు స్వరం మార్చింది. రాతి గోడ పక్కనుంచి దూసుకెళ్లారు. ఒక మలుపులో వెనక చక్రం కంకర మీద జారి, ఇద్దరి ప్రాణాలూ గొంతులోకొచ్చి, మళ్లీ కిందికి దిగాయి. ఆ వెంటనే ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే డాక్టరు భుజానికి తుడుచుకుని మళ్లీ తొక్కింది.

చివరి ఎత్తు దాటగానే తోరణంలా కట్టిన గుడ్డ కింద నుంచి సర్రున దూరారు. జనం చప్పట్లు కొట్టారు. అన్ని కార్లూ ఎక్కాక మొదటి బహుమతి ఒక పొడుగాటి నల్ల కారుకి పోయింది. మీసాలాయన రెండో వాడు. వీళ్లది నాలుగో స్థానం. మైకులో చెబుతున్నా వీళ్లిద్దరికీ చెవికెక్కలేదు. మీసాలాయన వచ్చి రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తున్నాడు, ఆడపడుచు కారు కప్పు మీద దరువేస్తోంది.

ఫోను మోగింది. మొగుడు.

"గెలిచారా?"

"ఎక్కేశామండీ! మధ్యలో ఎక్కడా ఆగలేదు!"

"అంటే గెలిచారా లేదా?"

"ఎక్కేశామంటున్నా కదా!"

"సరే, సరే. మరి ఎప్పుడొస్తారు?"

డాక్టరు జవాబు చెప్పబోయి ఆగింది. అందరూ వచ్చిన దారినే వెనక్కి తిరుగుతున్నారు. కొండకి అవతలివైపు మాత్రం దారి వంకర్లు తిరుగుతూ కిందికి దిగుతోంది. ఆ చివర ఎండకి తళతళలాడుతూ సముద్రం. ఆడపడుచు కూడా అటే చూస్తోంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కొంచెం ఆలస్యమవుతుందండీ. ఎదురుచూడకుండా భోంచేసేయండి," అని ఫోను పెట్టేసి, కారుని అవతలి దారిలోకి తిప్పింది.