అవతల ఏమీ లేదు

నేను ఒక కన్నాన్ని. రెండున్నర అంగుళాల వెడల్పు, గోడ మందమంత పొడవు, మధ్యలో ఏమీ లేదు. ఏమీ లేనిదానికి ఆత్మకథేమిటని మీకు అనిపించవచ్చు. మొదట్లో నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ ఇంట్లో రెండు వైపులా జరిగేది ఒకేసారి చూసినదాన్ని నేనొక్కదాన్నే. కాబట్టి చెప్పక తప్పదు.

మా జాతికి లోకంలో మంచి పేరు లేదు. పడవకు పడితే ముంచుతాం. జేబుకు పడితే దొంగకన్నా ముందే ఖాళీ చేస్తాం. ఇంటి గోడకు పడితే ఏకంగా పోలీసులే వస్తారు. అంతో ఇంతో మర్యాద దక్కింది సూది బెజ్జానికి ఒక్కదానికే. నేనైతే దొంగ వేసిన కన్నాన్ని కాను. ఏసీ బిగించడానికి వచ్చిన మనిషి, ఇంటి యజమానిని అడిగి మరీ, పట్టపగలు వేసిన కన్నాన్ని. అయినా పుట్టడం మాత్రం పొరపాటుగానే పుట్టాను.

మా ఊరు రెంటచింతల. వేసవిలో వార్తలు చదివేవాళ్ల నోట్లో నానుతుండే ఊరు. ఎండను తిట్టుకుంటూనే దాన్ని చూసి కాస్త గర్వపడటం అక్కడివాళ్లకు అలవాటు. ఇంకేదో ఊళ్లో ఒక డిగ్రీ ఎక్కువ కాసిందని వార్త వస్తే వాళ్ల ముఖాలు చిన్నబోతాయి. అందరిలోకీ ఆ గర్వం ఎక్కువున్న మనిషి మా ఇన్నారెడ్డిగారు. పోస్టుమ్యాన్‌గా ముప్పై రెండేళ్లు సైకిలు మీద ఉత్తరాలు పంచి, ఒక్కనాడూ గొడుగు పట్టలేదని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. ఏసీ పెట్టించుకున్నవాళ్లను చూస్తే ఆయనకు జాలి. "ఉల్లిపాయల్లాగా వాళ్లను గదిలో ఆరబెట్టి దాచాలా?" అనేవారు. రెండేళ్ల కిందట మేలో ఆయన భార్య ఆరోగ్యమ్మ పొయ్యి దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. డాక్టరు చల్లటి గదిలో ఉంచమన్నాడు. ఇన్నారెడ్డిగారు వారం రోజులు ఎవరితోనూ ఎండ ఊసెత్తలేదు. ఆ తర్వాత మాచర్ల వెళ్లి ఏసీలు చూసి వచ్చారు.

చూసి రావడం ఒకసారితో తెమిలింది కాదు, మూడుసార్లు వెళ్లారు. ఒకటిన్నర టన్ను అని కొట్టువాడు అనగానే ఆరోగ్యమ్మ, "అంత బరువు మన గోడ ఆగుద్దా?" అని అడిగింది. బరువు కాదమ్మా, చల్లదనం అని వాడు చెప్పాడు. చల్లదనాన్ని టన్నుల్లో ఎలా తూస్తారో ఆమెకు ఇప్పటికీ అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ కాలేదు. పెట్టె మీద అయిదు నక్షత్రాల బిళ్ల చూపించి గొప్పలు చెప్పబోతే ఇన్నారెడ్డిగారు, "బాలయేసును వెతుక్కుంటూ వచ్చిన తూర్పు దేశపు జ్ఞానులు ముగ్గురికీ ఒక్క నక్షత్రం సరిపోయింది. నీ పెట్టెకు అయిదెందుకయ్యా?" అన్నారట. మా ఇంటివాళ్లు తరతరాలుగా గుడికి, అంటే చర్చికి, వెళ్లే రెడ్లు. వాళ్ల హాస్యం కూడా అక్కడిదే.

నేను పుట్టకముందు సంగతులు నాకెలా తెలుసంటారా? నన్ను కడుపులో పెట్టుకున్న గోడ చెప్పింది. అప్పటికి ఆ గోడ వయసు తొమ్మిదేళ్లే. ఇల్లు మాత్రం పాతది, ఇన్నారెడ్డిగారి నాన్న కట్టించింది. అప్పుడు మధ్యలో పొడవాటి హాలు ఒకటే ఉండేది. తండ్రి పోయాక అన్నదమ్ములు వాటాలు వేసుకున్నారు. పొలం దగ్గర గొడవ రాలేదు, ఇత్తడి సామాను దగ్గర రాలేదు. అంతా సవ్యంగా అయిపోయి, పెద్దమనుషులు మజ్జిగ తాగి లేవబోతుండగా ఒక పాత టేబుల్ ఫ్యాను దగ్గర వచ్చింది.

ఆ ఫ్యాను కథ కొంచెం చెప్పాలి. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ మధ్యాహ్నం పూట ఆ హాల్లోనే చెరో పక్క పడుకునేవారు. మధ్యలో ఫ్యాను. దాని వీపు మీద ఒక బుడిపె ఉండేది. నొక్కితే ఫ్యాను అటూ ఇటూ తల తిప్పుతుంది, పైకి లాగితే ఒకే వైపు ఆగిపోతుంది. ఏడు అంకెలు లెక్కపెట్టేంతసేపు అన్న వంతు, మళ్లీ ఏడు తమ్ముడి వంతు. తమ్ముడు బాలశౌరి కళ్లు మూసుకుని లెక్కపెడుతూ ఉండేవాడు. కొన్నిసార్లు ఏడు దాటి పది వచ్చినా గాలి తిరిగి వచ్చేది కాదు. లేచి చూస్తే ఫ్యాను అన్న వైపే చూస్తూ ఉండేది. బుడిపె నువ్వే లాగావని తమ్ముడు, నేను లాగలేదు, దానంతటదే ఆగిందని అన్న. నలభై ఏళ్లు గడిచినా ఆ తగువు తేలలేదు.

వాటాల రోజున బాలశౌరి పదిమందిలో అనేశాడు. "చిన్నప్పట్నుంచీ బుడిపె లాగి గాలంతా నువ్వే తిన్నావు. ఫ్యానన్నా నాకియ్యి." నవ్వులాటకే అన్నాడో, కడుపులో ఉన్నదే అన్నాడో గోడకూ తెలియదు. పెద్దమనుషులు మాత్రం నవ్వారు. ఊరంతా నమ్మి ఉత్తరాలు చేతికిచ్చే మనిషిని గాలి దొంగ అన్నట్టయింది. ఇన్నారెడ్డిగారికి అది ఎక్కడో తగిలింది. ఫ్యాను తమ్ముడికి ఇచ్చేసి, వారం తిరక్కుండా హాలు మధ్యలో గోడ లేపించారు. తూర్పు సగం అన్నది, పడమటి సగం తమ్ముడిది. ఆరోగ్యమ్మ, బాలశౌరి భార్య లూర్దమ్మ మాత్రం పెరట్లో బట్టలు ఆరేస్తూ రోజూ మాట్లాడుకునేవారు. మగవాళ్లిద్దరికీ ఆ సంగతి తెలుసు. తెలియనట్టుండటం వాళ్లకు గౌరవంగా ఉండేది.

ఇక నా పుట్టుక. ఏసీ బిగించడానికి ఖాజా అనే మనిషి మాచర్ల నుంచి వచ్చాడు. ఆ రోజుకు అతనికి అది నాలుగో ఇల్లు. వీధి వైపు గోడకు, ఈశాన్యం మూలగా పెడదామన్నాడు. "ఈశాన్యంలో బరువు పెట్టకూడదంట" అంది ఆరోగ్యమ్మ. మనకెందుకే వాస్తు అని ఇన్నారెడ్డిగారు విసుక్కున్నారు. "నేను మాత్రం నమ్ముతున్నానా ఏంది? ఎందుకొచ్చిన గొడవని" అనేసి ఆమె మజ్జిగ చిలకడానికి వంటింట్లోకి వెళ్లింది. నమ్మకం లేనివాళ్లకు వాస్తు భయం ఎలా పడుతుందో ఇంతవరకూ నాకు అంతుపట్టలేదు.

ఖాజా చుట్టూ చూసి, పడమటి గోడను వేళ్లతో తట్టాడు.

"ఈ గోడ అవతల ఏముంది సార్?"

ఇన్నారెడ్డిగారు పేపరులోంచి తలెత్తలేదు. "ఏమీ లేదు" అన్నారు.

"ఖాళీయేనా?"

"మాకు అవతల ఎవరూ లేరు."

తొమ్మిదేళ్లుగా చుట్టాలకూ పక్కాలకూ ఆయన చెబుతున్న మాటే అది. దాని అర్థం ఊళ్లో అందరికీ తెలుసు. పరాయి ఊరి మనిషి ఖాజాకు తెలియదు. గోడ అవతల సందో దొడ్డో ఉందనుకున్నాడు. డ్రిల్లు మిషను ఎత్తాడు. గొట్టంలో నీళ్లు బయటికి జారాలని అవతలి వైపుకు కాస్త వాలుగా పట్టాడు. గోడ గజగజ వణికింది. చుట్టూ ఎర్రటి ఇటుక పొడి రాలింది. చివరి పెళ్ల అవతల పడేసరికి నేను పుట్టాను. అందరూ పుట్టగానే ఏడుస్తారు. నా పుట్టుకకు అవతలివాళ్లు అరిచారు.

"ఎవడ్రా ఇంటికి కన్నం వేసేది?"

ఖాజా స్టూలు ఎక్కి, నాలోంచి చూసి, బిక్కమొహం వేసుకుని దిగాడు. "సార్, అవతల మనిషున్నాడు."

ఇన్నారెడ్డిగారు పేపరులో పేజీ తిప్పారు.

"ఏమీ లేదన్నారు కదా సార్."

ఆయన పేపరు మడిచి, అదే మడతను మళ్లీ విప్పారు. ఆ రోజు ఏసీ వీధి గోడకే, ఈశాన్యం మూలలోనే బిగిసింది. బరువు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. రేపొచ్చి పూడ్చేస్తానని నా వైపు చూపించి ఖాజా వెళ్లిపోయాడు. ఏసీలు బిగించేవాళ్లకు ఎండాకాలంలో రేపు అనేది రాదు. ఆరోగ్యమ్మ పాత ఖాకీ చొక్కా చెయ్యి ఒకటి చింపి, ఉండ చుట్టి నాలో కుక్కింది. అలా ముప్పై రెండేళ్ల పోస్టల్ సర్వీసు నా నోట్లోకి చేరింది.

అవతల నేను చూసింది ఇప్పుడు చెబుతాను. పడమటి వాటా కదా, మధ్యాహ్నం రెండు దాటితే ఆ గది కుంపటి. బాలశౌరి నాపరాళ్లు కోసే ఫ్యాక్టరీలో పని చేసేవాడు. నేను పుట్టడానికి పది రోజుల ముందు అతను రాళ్ల మధ్యే వడదెబ్బ తగిలి పడిపోయాడు. రెండు రోజులు ఆస్పత్రిలో పెట్టి పంపించారు. ఇంకోసారి తగిలితే గుండె తట్టుకోదని, ఈ ఎండలు పోయేదాకా చల్లటి చోట పడుకోబెట్టమని డాక్టరు లూర్దమ్మకు చెప్పాడు. చల్లటి చోటు ఆమె ఎక్కడి నుంచి తెస్తుంది? తడి తువ్వాలు గుండెల మీద పరిచేది. అరగంటకు అది ఆరిపోయేది. వాటాకు వచ్చిన ఆ టేబుల్ ఫ్యాను ఎప్పుడో కాలిపోయి, బీరువా మీద గుడ్డ కప్పుకుని కూర్చుంది. పనికిరాకపోయినా పారేయలేదు.

అన్నగారికి ఈ సంగతి తెలియదా అంటే, తెలుసు. "ఊళ్లో ఎవరికో వడదెబ్బ తగిలిందంట" అని ఆయనే ఒకరోజు అన్నారు. "ఎవరికో ఏంది? మీ తమ్ముడికి" అంది ఆరోగ్యమ్మ. ఆయన సగం అన్నంలో చేయి కడిగేసుకున్నారు.

ఏసీ వచ్చిన మర్నాటి నుంచీ ఒక దొంగతనం మొదలైంది. ఎండ దెబ్బే ఎరగనని చెప్పుకునే ఇన్నారెడ్డిగారు భోజనం కాగానే ఏసీ వేసుకుని, దుప్పటి కప్పుకుని గురక పెట్టేవారు. అప్పుడు ఆరోగ్యమ్మ చప్పుడు చేయకుండా స్టూలెక్కి నాలోని ఖాకీ గుడ్డ లాగేసేది. నాలుగింటికి ఆయన లేచేలోపు మళ్లీ కుక్కేది. "వస్తందా?" అని నాలోంచి గుసగుసగా అడిగేది. "వస్తంది అక్కా" అనేది లూర్దమ్మ. వాస్తవానికి నాలోంచి వెళ్లేది ఎంత? ఊదితే వచ్చేంత. కానీ నేను అటువైపుకు వాలుగా పుట్టినదాన్ని కదా, ఆ కాస్తా సరిగ్గా కిందకు జారేది. మూడో రోజుకల్లా బాలశౌరి మంచం నా కిందకు చేరింది. "ఈ మూల వెలుతురు బాగుంది" అన్నాడతను. కళ్లు మూసుకుని పడుకునేవాడికి వెలుతురెందుకో లూర్దమ్మ అడగలేదు. పుట్టాక మొదటిసారి, ఖాళీగా ఉండటం కూడా ఒక పనేనని నాకు తెలిసింది. అప్పట్నుంచే పూడ్చేస్తారేమోనన్న భయం కూడా పట్టుకుంది.

ఆ భయం పదిహేనో రోజున తలుపు కొట్టింది. గది సరిగా చల్లబడటం లేదని ఇన్నారెడ్డిగారు ఫోన్ చేసి ఖాజాను పిలిపించారు. అతను వచ్చింది భోజనాలయ్యాక, గుడ్డ తీసి ఉన్న వేళ. నా వైపు చూడగానే నేరస్థుణ్ణి పట్టేశాడు.

"మూసుకోలేదేంది సార్? చల్లదనమంతా దీంట్లోంచి పోతంది."

ఇన్నారెడ్డిగారు స్టూలు మీదున్న ఖాకీ గుడ్డ వైపు చూశారు, తర్వాత భార్య వైపు చూశారు. ఆరోగ్యమ్మ కొంగు మెలిపెడుతూ నిలబడిందే గానీ తల దించలేదు. "డాక్టరు చల్లగా ఉంచమన్నాడంట" అంది. ఎవరినో చెప్పలేదు.

ఖాజా అప్పటికే రంగు డబ్బా మూతలో సిమెంటూ ఇసుకా కలిపేశాడు. తాపీ తీసుకుని స్టూలు ఎక్కబోయాడు. ఇన్నారెడ్డిగారు ఆగమని, తనే ఎక్కారు. నాకు కన్ను ఆనించారు. తొమ్మిదేళ్ల తర్వాత ఆయన అవతలికి చూడటం అదే.

కింద తమ్ముడు పడుకుని ఉన్నాడు. తల నెరిసింది. ఎముకల గూడులా ఉన్న ఛాతీ మీద తడి తువ్వాలు లేస్తూ పడుతూ ఉంది. ముఖం సరిగ్గా నా కిందకు తిప్పి, నోరు కాస్త తెరిచి, గాలి కోసం చూస్తున్న చిన్నపిల్లవాడిలా ఉన్నాడు. బీరువా మీద ఫ్యాను. ఇన్నారెడ్డిగారి కన్ను నా నోటికి తడి తగిలించింది. సిమెంటు ఆరిపోతోందని ఖాజాకు తొందర.

"సార్, అవతల ఏముంది?"

"మా తమ్ముడున్నాడు" అన్నారు ఇన్నారెడ్డిగారు. "పడుకున్నాడు. చప్పుడు చేయమాక."

ఖాజా తాపీ కింద పెట్టేశాడు.

ఆయన స్టూలు దిగి, గొంతు తగ్గించి అడిగారు. "దీని గాలి అటూ ఇటూ తిరిగేట్టు పెట్టొచ్చా?"

రిమోట్‌లో దానికో మీట ఉందని ఖాజా చూపించాడు. నొక్కగానే ఏసీ నోట్లోని రెక్కలు మెల్లగా తల తిప్పాయి. కాసేపు ఇన్నారెడ్డిగారి మంచం వైపు, కాసేపు నా వైపు. గాలి నాలోంచి వెళ్లింది, ఆగింది, మళ్లీ వెళ్లింది. అవతల మంచం కిర్రుమంది. ఆ తర్వాత, నిద్రలోంచో మెలకువలోంచో, సన్నగా వినిపించింది.

"ఒకటి, రెండు, మూడు..."

ఏడు దగ్గర గాలి తప్పుకుంది. మళ్లీ ఒకటి మొదలైంది. ఏడు దగ్గర తిరిగి వచ్చింది. ఇవతల ఇన్నారెడ్డిగారి పెదవులు కూడా కదులుతున్నాయి. రెక్కలు పూర్తిగా నా వైపు తిరిగిన క్షణాన ఆయన బొటనవేలు ఇంకోసారి మీట నొక్కింది. రెక్కలు అక్కడే ఆగిపోయాయి.

"...ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది..." పదకొండు దగ్గర లెక్క ఆగింది.

"అన్నాయ్, ఫ్యాను ఆగిపోయిందేంది?"

ఇన్నారెడ్డిగారు గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"బుడిపె నేనే లాగా. పడుకో." అరచేయి గోడకు ఆనించారు. "అప్పుడు కూడా నేనేరా."

"తెలుసులే" అన్నాడు బాలశౌరి.

నిజానికి గది చల్లబడకపోవడంలో నా తప్పేమీ లేదని అదే రోజు తేలింది. ఖాజా ఏసీ జల్లెడ తీసి కుళాయి కింద కడిగితే ఎర్రటి నీళ్లు పారాయి. కళ్లాల్లో ఎండబెట్టిన మిరపకాయల దుమ్మంతా అందులోనే పేరుకుంది. మూతలో కలిపిన సిమెంటు అలాగే గట్టిపడితే, పెరట్లో పారేశారు. ఇప్పుడు దాని మీద కోళ్లు ఎక్కి నిలబడుతున్నాయి. గొట్టాల చుట్టూ తొడిగే తెల్లటి బిళ్ల ఒకటి మిగిలితే ఖాజా దాన్ని నాకు తొడిగి వెళ్లాడు. దానితో నాకూ ఒక అంచు వచ్చింది.

ఇది జరిగి రెండు వేసవులైంది. గోడ ఇంకా ఉంది. అన్నదమ్ములు దాన్ని పడగొడదామని అనుకుంటూనే ఉన్నారు, ఎండలు తగ్గాక అంటున్నారు. మనుషులకు గోడ లేపడానికి వారం చాలు, దించడానికి మాత్రం మంచి రోజులు చూడాలి. అది పడిపోతే నేనూ ఉండనని నాకు తెలుసు. దాని గురించి నాకు దిగులేమీ లేదు. అందాకా మధ్యాహ్నం పూట నాలోంచి గాలి వెళుతుంది, అటునుంచి గురక వస్తుంది. నా నోట్లో ఎవరూ గుడ్డలు కుక్కడం లేదు.